తూచని బిడ్డ

ఎనభైల మొదట్లో నేను పిల్లల వైద్యంలో పీజీ చేస్తున్నాను. ఇళ్లలో పుట్టే పిల్లల బరువు మీద థీసిస్ చెయ్యమన్నారు మా ప్రొఫెసరుగారు. ఆసుపత్రికి వచ్చేవాళ్ల సంగతి మనకు తెలుసు, రానివాళ్ల సంగతే తెలియదు అనేవారాయన.

జాలరిపేటలో ఎవరికైనా కాన్పయితే అక్కడి మంత్రసాని కబురు పంపేది. నేను ఆ రోజే వెళ్లి బిడ్డను తూచాలి. రెండు కిలోల లోపుంటే వారం పాటు రోజూ వెళ్లి, ఒళ్లు వెచ్చగా ఉందా, పాలు తాగుతోందా చూడాలి. అంతకు మించి ఉంటే నెల తిరిగాక ఒక్కసారి చూస్తే చాలు. పద్ధతి అది.

నా దగ్గర కొక్కెం ఉన్న స్ప్రింగు త్రాసు ఉండేది. బిడ్డను గుడ్డలో పడుకోబెట్టి, ఆ గుడ్డ కొసలు కొక్కేనికి తగిలించాలి. చాలా ఇళ్లలో భయపడుతూనే ఒప్పుకునేవారు. ఒక ఇంట్లో మాత్రం అమ్మమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. చేపల గంప దించి అప్పుడే వచ్చినట్టుంది, చీర కుచ్చెళ్లు ఇంకా తడిగా ఉన్నాయి. లోపల ఆమె కూతురు, పక్కన పాత చీరముక్కలో చుట్టిన పాప. తొలి కాన్పు.

"సేపని కొక్కేనికి తగిలించినట్టు మా పిల్లని తగిలిత్తారేటి డాట్రమ్మా? నానొప్పుకోను," అంది.

ఎంత చెప్పినా వినలేదు. మంత్రసాని కూడా నచ్చజెప్పి చూసింది. చివరికి పాప ముఖం మాత్రం చూసి వచ్చేశాను.

అప్పటికే మూడిళ్లలో కాదన్నారు. ఇది నాలుగోది. సీతమ్మధారలో మా ఇంటి వరండాలో కూర్చుని ఫారాలు నింపుతుంటే బరువు రాయాల్సిన ఖాళీ గడి నన్ను వెక్కిరించినట్టు అనిపించింది. పాప చిన్నదే, మరీ అంత చిన్నదేం కాదులే అనుకున్నాను. రెండు కిలోల రెండు వందలని రాసేశాను. ఆ రాయడంలో చెయ్యి తడబడిన గుర్తు కూడా లేదు నాకు.

ఆరో రోజు పొద్దున్న ఓపీలో అదే అమ్మమ్మ నా ముందుకొచ్చింది. వెనక బాలింతరాలు గోడ పట్టుకుని నిలబడి ఉంది. పాప పాదాలు చల్లగా ఉన్నాయి. ఏడుపు పిల్లికూన గొంతులా ఉంది. రెండు రోజులుగా రొమ్ము పట్టడం లేదట. వార్డు త్రాసులో పడుకోబెట్టాను. కిలో ఆరు వందల యాభై. మొదటి వారంలో పిల్లలు కాస్త తగ్గుతారు కానీ, నేను రాసిన బరువు నుంచి అంత తగ్గడం అయ్యే పని కాదు.

వెచ్చదనానికి దీపం కింద పెట్టి, దూది చుట్టి, ముక్కులోంచి సన్నని గొట్టం వేసి పాలు ఎక్కించడం మొదలుపెట్టాం. తల్లి పక్కనే కూర్చుని చిన్న గిన్నెలోకి పాలు పిండి ఇచ్చేది. అదంతా కుదుటపడ్డాక ఫారం పట్టుకుని ప్రొఫెసరుగారి గదికి వెళ్లాను. తూచకుండానే రాశానని చెప్పాను.

ఆయన కోప్పడతారనుకున్నాను. ఫారం అందుకుని నేను నింపిన గడి మీద వేలు పెట్టారు.

"నువ్వు రాసింది బరువు కాదమ్మా," అన్నారు. "ఈ బిడ్డ దగ్గరికి మళ్లీ వెళ్లక్కర్లేదని రాశావు."

బయటికొచ్చాక మెట్ల మీద అమ్మమ్మ కనిపించింది. ఆమెకీ చెప్పాలనిపించింది. ఆ రోజు ఉజ్జాయింపుగా రాసేశానని, సరిగ్గా చేసి ఉంటే రోజూ వచ్చేదాన్నని చెప్పాను. తిడితే బాగుండేది.

"తూయనివ్వంది నానే కదమ్మా," అంది, కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

ఆ మాట నాకు ఊరటనివ్వలేదు. ఆమె భయపడి కాదంది. నేను చదువుకుని అబద్ధం రాశాను. రెండూ ఒకటి కావు.

వార్డులో చేరిన నాలుగో రోజు పాప రొమ్ము పట్టింది. ఆ పూట వార్డు నర్సు నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి మరీ చూపించింది. మూడు వారాలకు ఇంటికి పంపాం.

ప్రొఫెసరుగారు అంతవరకూ నేను రాసిన ఫారాలన్నీ నా చేతే మళ్లీ తీయించారు. ఒక్కొక్క బరువూ నిజంగా తూచిందేనా అని అడిగారు. మిగతావన్నీ తూచినవే. అయినా ప్రతిసారీ అవునని చెబుతుంటే నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది. ఆ తర్వాత పద్ధతి మార్చారు. తూయనివ్వని ఇంట్లో బిడ్డను చిన్నబిడ్డగానే లెక్కేసి రోజూ వెళ్లాలన్నారు. కొక్కెం తీసేసి, పళ్లెం ఉన్న త్రాసు రిక్షాలో పెట్టుకుని తిరిగాను. బరువే, కానీ జనం అంత బెదరలేదు.

థీసిస్ పరీక్షకు బయటినుంచి వచ్చినాయన పట్టిక తిరగేస్తూ, ఖాళీగా ఉన్న గడుల్లో సరిగ్గా ఆ పాప వరుస దగ్గరే ఆగి, ఇక్కడ బరువెందుకు లేదని అడిగారు. ఇంటివాళ్లు ఒప్పుకోలేదని చెప్పి ఊరుకోవచ్చు. అదీ నిజమే. పక్కనే మా ప్రొఫెసరుగారు కూర్చుని ఉన్నారు, నా వైపు చూడలేదు. నేను మొదట అక్కడ ఏం రాశానో, ఎందుకు కొట్టేశానో, ఆ పాప ఏమైందో అన్నీ చెప్పాను. పరీక్షకు వచ్చినాయన మధ్యలో ఒక్క ప్రశ్నే వేశారు, పాప ఇప్పుడెలా ఉందని. పాకుతోందని చెప్పాను. ఆయన తలూపి తర్వాతి పేజీ తిప్పారు.