పెద్దమ్మ మెచ్చిన బబుల్ టీ

విశాఖపట్నంలో మంచి బబుల్ టీ ఎక్కడ దొరుకుతుందని నన్నెవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పేస్తాను. కాకపోతే అడిగేవాళ్ళే లేరు. నేను హుకుంపేట మండలంలో ఒక చిన్న బడిలో పాఠాలు చెప్పుకునే మనిషిని. మా బడిలో ఉన్నది ఇద్దరు టీచర్లం, రెండో ఆవిడకి షుగరు. అయినా ఒకే పూటలో మూడు కొట్లు తిరిగి, మూడు చోట్లా తాగి, ఒక చోట తిట్లు కూడా తిని సంపాదించిన జ్ఞానం ఇది. ఊరికే పోనివ్వడం నాకిష్టం లేదు.

దీనికంతటికీ కారణం మా పెద్దమ్మ కన్ను. పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఇప్పుడు డుంబ్రిగుడ దగ్గర మా ఇంట్లో, మాతోనే ఉంటుంది. డెబ్బై దాటే ఉంటాయి. పుట్టిన ఏడు ఎవరూ రాసుకోలేదు కాబట్టి తనకి నచ్చినంత చెబుతుంది. కొన్నేళ్ళుగా రెండు కళ్ళకీ పొర కమ్ముతూ వచ్చింది, ఆ మాట అంటే మాత్రం ఒప్పుకునేది కాదు. ఒకసారి దడి మీద ఆరేసిన గోనెసంచిని పక్కింటావిడ అనుకుని పలకరించి, జవాబు రాలేదని ఆ పక్కింటావిడతో రెండు రోజులు మాట్లాడలేదు. మేమంతా పడీపడీ నవ్వాం.

వానల్లో మెట్టచేను గట్టు మీంచి కింది మడిలోకి జారిపడి మోకాలు చీరుకుపోయినప్పుడు మాత్రం నవ్వు రాలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఎడమ కంట్లో శుక్లం బాగా ముదిరిపోయింది, ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషను కష్టమవుతుందన్నాడు. పెద్దమ్మ లేచి చీర దులుపుకుని బయటికి నడిచింది. నడుస్తూ గుమ్మానికి భుజం కొట్టుకుంది.

"కంట్లో కత్తి ఎట్టనిత్తానేటి? నానెల్లను" అంది.

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. మా మండలానికి రాజు లేడు గానీ, ఉంటే పెద్దమ్మ ముందు వాడూ నిలిచేవాడు కాదు. నేను బతిమాలాను, అలిగాను, ఒకరోజు అన్నం కూడా మానేశాను. నేను మానేసిన అన్నం ఆవిడే తినేసింది.

ఇంతలో మా అమ్మాయి సెలవులకొచ్చింది. అది విశాఖలో డిగ్రీ చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. అరుగు మీద కూర్చుని ఫోనులో ఫొటోలు చూపిస్తుంటే పెద్దమ్మ ఫోను లాక్కుని ముక్కుకి ఆనించుకుంది. పొడుగాటి గ్లాసులో పాలటీ, అడుగున నల్లగా ఏవో గుళ్ళు.

"ఏటే ఇది? టీలో మేక పెంటికలేటి?"

"బబుల్ టీ అమ్మమ్మా. ఆ గుళ్ళు నమిలి తినాలి. నువ్వు ఆపరేషనుకి వస్తే నేనే తాగిస్తాను."

దాని మాట సరదాకే. పెద్దమ్మ మాత్రం కాసేపు ఆలోచించింది. కొత్త తిండి అంటే ఆవిడకి చిన్నపిల్లలకున్నంత ఆశ. "బాగుంటే సేయించుకుంటాను. బాగోపోతే నా కన్ను నాది, తిరిగొచ్చీడమే" అని చెయ్యి చాపింది. అమ్మాయి ఆ చేతిలో చెయ్యి వేసింది. పెద్దమ్మ మాట ఇచ్చి తప్పడం నేనెప్పుడూ చూడలేదు. "బాగుంటే" అన్న ముక్క సంగతి ఆరోజు మేమిద్దరం పట్టించుకోలేదు.

ఆసుపత్రి వాళ్ళు రమ్మన్న రోజుకి ముందురోజు పొద్దున్నే బస్సెక్కి ఘాట్ రోడ్డు దిగాం. పెద్దమ్మ ఒళ్ళో ఎండిన ఆనపకాయ బుర్ర నిండా చోడి అంబలి, అదే రాగి అంబలి. పట్నంలో ఏం పెడతారో ఏమోనని తెచ్చుకుంది. మధ్యాహ్నానికి విశాఖలో దిగితే అమ్మాయి బస్‌స్టాండులో కాసుకుని ఉంది. మా చేతిలో ఉన్నది ఆ పూటే. చీకటి పడేలోగా ఆవిడ చేత "బాగుంది" అనిపించాలి.

మొదటి కొట్టు ఒక పెద్ద మాల్‌లో. కదిలే మెట్లు ఎక్కనని పెద్దమ్మ భీష్మించుకుంటే మామూలు మెట్ల మీద మూడంతస్తులు ఎక్కాం. పైకెళ్ళేసరికి నాకు ఆయాసం, ఆవిడకి ఏమీ లేదు. గోడ మీద యాభై రకాల పేర్లు. అమ్మాయి ఏదో చెప్పింది. మూత బిగించిన ప్లాస్టిక్ గ్లాసు వచ్చింది. దానికి బొటనవేలంత స్ట్రా గుచ్చి పెద్దమ్మ చేతికిచ్చింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా పెద్దమ్మ అంబలైనా, జీలుగు కల్లైనా, ఆఖరికి బడిలో మేమిచ్చే టీ అయినా, ముందు రెండు చుక్కలు నేల మీద పొయ్యకుండా నోట పెట్టదు. పోయిన పెద్దలకి. వాళ్ళు తాగాకే మనం. కొత్త తిండైతే మరీను. నాకిది తెలుసు, తెలిసి కూడా ఆ మాల్‌లో తట్టలేదు. ఆవిడ స్ట్రా పీకేసింది, గ్లాసు వంచింది, "తాగండి" అంది. అద్దంలా మెరిసే నేల మీద టీ మరక పడింది. నాలుగు నల్లగుళ్ళు దొర్లుకుంటూ పోయి ఎవరో ఆవిడ చెప్పుల కింద చేరాయి.

కాపలా మనిషి పరిగెత్తుకొచ్చాడు. "ఏటమ్మా ఇది? నేలంతా పాడుసేసినావు! తాగడం రాకపోతే కొనడమెందుకు?"

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. వాడి మీద అరవాలో, పెద్దమ్మ మీద అరవాలో తెలియక నా చీర కొంగుతోనే నేల తుడవబోయాను. పెద్దమ్మకి ఇదేమీ పట్టలేదు. తీరిగ్గా పీల్చి, నాలుగు గుళ్ళు నమిలి, తీర్పు చెప్పింది. "ఉడకలేదు. లోపల పలుకున్నాది." నేనూ నమిలి చూశాను. నిజమే, పైన జిగురు, లోపల గట్టి. అన్నంలో పలుకు ఉన్నట్టే. ఆ కొట్టుకి మీరు వెళ్ళొద్దు.

రెండోది బీచి రోడ్డులో. అక్కడ గుళ్ళు మెత్తగా, సాగుతూ, తియ్యగా ఉన్నాయి. టీ కూడా టీలాగే ఉంది. నాకు చాలా నచ్చింది. పెద్దమ్మ గ్లాసు వంచబోయేసరికి నేను గబుక్కున చెయ్యి పట్టుకుని, "ఇక్కడొద్దు పెద్దమ్మా, నీకు దండం పెడతాను" అన్నాను. ఆవిడ నా వంక తిరిగింది. గ్లాసు నోటికెత్తుకుని అడుగున గుళ్ళు కూడా మిగలకుండా గరగరమని పీల్చేసి, మూతి తుడుచుకుంది.

"బాగోలేదు" అంది.

"మొత్తం తాగీసి బాగోలేదంటావేటమ్మమ్మా!" అని అమ్మాయి నెత్తి కొట్టుకుంది.

"పారబొయ్యకూడదని తాగీసినాను."

తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. సముద్రం గట్టు మీద కూలబడి నేను నోరు చేసుకున్నాను. కన్ను కావాలా, వద్దా? గట్ల మీంచి పడి ఏ కాలో చెయ్యో విరిగితే ఎవరు చూస్తారు? రేపు పొద్దున్న ఆసుపత్రికి రాకపోతే నేనిక నీ కంటి ఊసే ఎత్తను. ఇలా చాలా అన్నాను. బడిపిల్లల మీద కూడా అంత అరవను. పెద్దమ్మ సముద్రం వైపు మొహం పెట్టి కూర్చుంది. అక్కడ ఆవిడకి నీలంగా ఏదో కదులుతున్నట్టు తప్ప ఏమీ కనిపించదని తర్వాత గుర్తొచ్చి, అన్న మాటలన్నీ వెనక్కి తీసుకోవాలనిపించింది.

అప్పుడు అమ్మాయి, వాళ్ళ హాస్టల్ వెనక సందులో ఒక చిన్న కొట్టుందంది. ఇల్లే. ముందు గది కొట్టు. నడివయసు ఆవిడ ఒక్కతే నడుపుతుంది. మేం వెళ్ళేసరికి తలుపుకి అట్టముక్క వేలాడుతోంది: గుళ్ళు ఉడుకుతున్నాయి, అరగంట ఆగాలి.

నాకు ఒళ్ళు మండింది. పెద్దమ్మ మొహం మాత్రం మొదటిసారి విప్పారింది. "ఆగమన్నాదంటే వండుతున్నాదన్నమాట" అంటూ చొరవగా లోపలికెళ్ళి పొయ్యి దగ్గర నిలబడింది. సిల్వరు గిన్నెలో గుళ్ళు తెర్లుతున్నాయి.

"ఏ పిండమ్మా ఇది?"

"కర్రపెండలం పిండండీ. ఉడికాక మూత పెట్టి వదిలెయ్యాలి, లేకపోతే పలుకుంటుంది. తర్వాత బెల్లం పాకంలో వేస్తాను. పొద్దున్నవి సాయంత్రానికి పనికిరావు. అందుకే పూటపూటకీ ఇలా."

"కర్రపెండలమా! మా పెరట్లో ఉన్నాదది" అని పెద్దమ్మ నా వైపు తిరిగి, నేనేదో ఇన్నాళ్ళూ దాచిపెట్టినట్టు చూసింది. ఆ తర్వాత ఇద్దరూ దుంప ఎప్పుడు తవ్వాలి, చేదు ఎలా పోగొట్టాలి అన్న కబుర్లలో పడిపోయారు. అరగంట ఎలా గడిచిందో తెలియలేదు.

టీ వచ్చింది. గాజు గ్లాసులో. మూత లేదు, స్ట్రాతో పాటు చెంచా కూడా ఇచ్చింది. పెద్దమ్మ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నేల వైపు చూసింది. బీచి దగ్గర నేను చెయ్యి పట్టుకుని ఆపిన సంగతి గుర్తొచ్చింది. మా పెద్దలకి రెండు చుక్కలు పొయ్యనివ్వడానికి సిగ్గుపడ్డానా నేను? కొట్టావిడకి మా పద్ధతి చెప్పాను. ఆవిడ నవ్వి, "మా అమ్మమ్మ కూడా మొదటి ముద్ద కాకికి పెట్టందే తినేది కాదు. రండి" అని మెట్ల పక్కన కరివేపాకు కుండీ చూపించింది.

"పొయ్యి పెద్దమ్మా."

"ఒగ్గీ, ఈసారికొద్దులే" అంది పెద్దమ్మ.

నా మీద అలిగిందనుకున్నాను. "నాదే తప్పు పెద్దమ్మా, నువ్వు పోస్తేనే గానీ నేను తాగను" అని ఆవిడ మోచెయ్యి పట్టుకుని కుండీ దాకా నడిపించాను. ఆవిడ కుండీలో మట్టి వేలితో తడిమి చూసింది. తర్వాత గ్లాసు వంచింది. రెండు చుక్కలూ, ఒక గుండూ కరివేపాకు మొదట్లో పడ్డాయి. మెట్టు మీద కూర్చుని ఒక గుక్క తాగింది. నమిలింది. ఇంకో గుక్క తాగింది. మేమిద్దరం ఆవిడ నోటి వంకే చూస్తున్నాం.

"బాగున్నాది" అంది చాలా నీరసంగా.

అమ్మాయి ఎగిరి గంతేసింది. నాకు మాత్రం ఆ గొంతు విన్నాక అనుమానం వచ్చింది. "అయితే బీచి దగ్గరది?"

"అదీ బాగున్నాది."

"మరి లేదన్నావేం?"

"పెద్దలకి పోసీసినాక ఉన్న రుసిని లేదనకూడదు. అక్కడ నువ్వు పొయ్యనియ్యలేదు కదేటి. ఇక్కడ నువ్వే పోయించీసినావు, ఇంకేటి సేత్తాను?" గ్లాసులోకి చూస్తూ అంది. "కత్తంటే నాకు బయ్యిం, గుంటా. ఉన్న ఈసమెత్తు ఎలుతురూ పోతే?"

ఆ నియమం నాకు తెలియంది కాదు. చోడి అంబలితో పాటు తాగి పెరిగిందే. పట్నంలో నాకు సిగ్గు ముంచుకొచ్చి మరిచిపోయాను. ఆవిడ మరిచిపోలేదు, పైగా దాన్ని అడ్డం పెట్టుకుని ఒక కొట్టు తప్పించుకుంది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. నాకూ భయంగానే ఉందని చెప్పాను, అది నిజం. ఆ తర్వాత ముగ్గురం ఇంకో గ్లాసు చొప్పున తాగాం.

మర్నాడు పొద్దున్న ఆవిడే నాకన్నా ముందు తయారై కూర్చుంది. లోపలికి తీసుకెళ్ళేటప్పుడు నా చెయ్యి వదలకుండా పట్టుకుని, నర్సు చెబితే వదిలింది. అరగంటలో బయటికొచ్చింది, కంటికి కట్టుతో. "అయిపోనాదంట, నాకు తెలీనేలేదు" అని అందరికీ వినిపించేలా చెప్పింది. మర్నాడు కట్టు విప్పి, ఏం కనిపిస్తోందని డాక్టరమ్మ అడిగితే, "గోడకి సున్నం ఎయ్యాల" అంది. నల్లద్దాలు పెట్టి, చుక్కల మందిచ్చి పంపారు.

ఆ మర్నాడు పొద్దున్నే మా కొండల మీదుగా పోయే కిరండూల్ రైలెక్కాం. కిటికీ పక్క సీట్లలో ఎదురెదురుగా కూర్చున్నాం. రైలు కొండెక్కుతుంటే పెద్దమ్మ నల్లద్దాల లోంచి చెట్లు లెక్కపెడుతోంది. ఇంతలో సొరంగం వచ్చింది. చీకట్లో అద్దాలు దేనికనుకుందో ఏమో, తీసి ఒళ్ళో పెట్టుకుంది. సొరంగం దాటగానే వెలుతురంతా ఒక్కసారి పెట్టెలో పడింది. ఎదురుగా నేను.

ఆవిడ నన్ను చూస్తూ ఉండిపోయింది. చెయ్యి చాపి, నా చెవి పక్క వెంట్రుకలు పట్టుకుంది.

"గుంటా, నీ తల ఎప్పుడు నెరిసిపోనాదే?"

"నాలుగేళ్ళయింది పెద్దమ్మా."

"నాకు సెప్పలేదేటి?"

ఏం చెప్పను? ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర కూర్చుని తింటున్నాం. ఇన్నేళ్ళూ ఆవిడ చూస్తున్నది పాత నన్ను. నవ్వుదామనుకున్నాను, నవ్వు రాలేదు. ముందు ఇంకో సొరంగం కనిపిస్తోంది. అది వచ్చేలోగా బాగా చూసుకోమని, మొహం వెలుతురు వైపు తిప్పి కూర్చున్నాను.