పెద్దత్తగారి గాజుతొట్టి

పోయిన శుక్రవారం పొద్దున మా పెద్దత్తగారు కన్నుమూశారు. కాఫీ తీసుకెళ్ళి రెండుసార్లు పిలిచాను, పలకలేదు. భుజం తట్టేసరికి తెలిసిపోయింది.

కబురు తెలిసి నూజివీడు బజారులో తెలిసినవాళ్ళంతా వచ్చారు. ఆగిరిపల్లి నుంచీ రెడ్డిగూడెం నుంచీ తోటల రైతులు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. మా మామగారు అందరికీ ఒకటే మాట చెప్పారు. "మహా తల్లండీ మా వదినగారు. చివరి ఏళ్ళలో మతి కాస్త తప్పిందన్న మాటే గానీ, ఒక్కరినీ నొప్పించి ఎరగదు." వచ్చినవాళ్ళు తలలూపారు. మంచినీళ్ళ చెంబు పట్టుకుని నేనూ అక్కడే నిలబడి ఉన్నాను. నేనూ తలూపాను.

ఆమెకు మతి తప్పలేదు. ఈ ఇంట్లో ఆ సంగతి నా ఒక్కదానికే తెలుసు. ఆమెను తలుచుకుంటూ నాలుగు మంచి మాటలు రాద్దామనే కూర్చున్నాను. కానీ ఇది చెప్పకుండా మిగతావి రాయబోతే కలం ముందుకు సాగలేదు.

పెద్దత్తగారంటే మా మామగారి అన్నగారి భార్య. చిన్న వయసులోనే భర్త పోయారు. పిల్లలు లేరు. మా అత్తగారు పోయేనాటికి మా ఆయనకు ఐదేళ్ళు. అప్పటినుంచీ ఆయన్ని పెంచింది, ఇల్లు నడిపింది ఈమే. వీధివైపు గదుల్లో మామిడిపళ్ళ కొట్టు, వెనక ఇల్లు. ఆ ఇంటి తాళాలన్నీ ఆమె నడుముకే ఉండేవి. నేను కాపురానికి వచ్చిన రోజున హాల్లోకి అడుగుపెట్టగానే నా కంటపడింది మాత్రం ఆ తాళాలు కాదు, కిటికీ పక్కన బల్ల మీదున్న గాజుతొట్టి. అందులో నాలుగు ఎర్ర చేపలు, రెండు నల్ల చేపలు.

మాది ఉల్లిపాయ కూడా వారాలు చూసి తినే ఇల్లు. అలాంటి ఇంట్లో చేపలు! ఆమె తమ్ముడు మద్రాసులో ఉద్యోగం చేసేవాడు. ఒక వేసవిలో చూడటానికి వస్తూ ఆ తొట్టి తెచ్చి ఇచ్చాడట. రైల్లో బెజవాడ దాకా, అక్కడి నుంచి పళ్ళలారీలో ఎండుగడ్డి మధ్య పెట్టుకుని తెచ్చాడట. చేపలు కిరసనాయిలు డబ్బాలో వచ్చాయి. ఆయన దాన్ని అక్వేరియం అనేవాడు. ఇంట్లో అందరికీ గాజుతొట్టే.

మా పురోహితులుగారు మొదటిసారి చూసి ముక్కు మీద వేలేసుకున్నారట. "ఇంట్లో చేపలేంటమ్మా?" అన్నారట. "విష్ణుమూర్తి మొదట ఎత్తిన అవతారం ఏంటండీ?" అని ఈమె అడిగిందట. ఆయన నవ్వేసి ఊరుకున్నారట.

రోజూ పొద్దున స్నానం కాగానే ఆమె తొట్టి ముందు నిలబడి, ఇత్తడి గ్లాసుతో అందులోని నీళ్ళే ముంచి కాస్త ఎత్తు నుంచి సన్నటి ధారగా మళ్ళీ పోసేది. అలా ఓ ఇరవైసార్లు. ఎందుకండీ అని అడిగితే, "వాటికీ గాలి కావాలి కదమ్మాయ్. నీళ్ళతో పాటు గాలీ దిగుతుంది" అంది. ఆమె బడికి వెళ్ళింది మూడేళ్ళే. ఎవరు నేర్పారంటే, చేపలే నేర్పాయనేది. ఎనిమిది రోజులకోసారి సన్నటి రబ్బరు గొట్టంతో అడుగున చేరిన మట్టి లాగి, నాలుగో వంతు నీళ్ళు తీసేది. ఆ నీళ్ళు మల్లెపాదుకు పోసేది. కొత్తగా పోసే నీళ్ళు ముందురోజే బావిలోంచి తోడి గంగాళంలో ఉంచేది. ఉంగుటూరు కాలవలో పెరిగే నాచుమొక్కలు తెప్పించి ఇసుకలో నాటింది. ముందు అద్దం మాత్రమే గుడ్డతో తుడిచేది. వెనక అద్దానికి పట్టిన పాచి జోలికి పోయేది కాదు.

"చేపల్ని కాదమ్మాయ్, నీళ్ళని పెంచాలి. నీళ్ళు బాగుంటే చేప తన సంగతి తనే చూసుకుంటుంది" అనేది.

మేత ఒక చిటికెడు అటుకుల పొడి. పెరట్లో తొట్లో దోమపిల్లలు కనిపిస్తే పల్చటి గుడ్డలో వడకట్టి అవీ వేసేది. "అది పాపం కాదాండీ?" అని నేనంటే, "తినేది నేను కాదుగా. దాని తిండి దానిది" అనేసింది. మేత దగ్గర మాత్రం ఆమె చాలా కచ్చితం. ఎవరైనా ఇంకో చిటికెడు వేయబోతే చెయ్యి పట్టుకునేది. "ఆకలితో చచ్చిన చేపను నేను చూళ్ళేదు. మనం ప్రేమగా పెట్టిన తిండితో చచ్చినవాటినే చూశాను."

ఆ మాటే తర్వాత నాకు పనికొచ్చింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ అంతే జరిగింది.

నేను కాపురానికి వచ్చిన మూడో ఏడు, కాపు బాగా ఉన్న వేసవి. మద్రాసు నుంచి ఒక పెద్ద పళ్ళ వర్తకుడు మా ఇంటికి భోజనానికి వస్తున్నాడు. హాలంతా సర్దించమని మామగారు చెప్పారు. ముందురోజు పొద్దున్నే పెద్దత్తగారు ఆగిరిపల్లిలో బాలింతరాలిని చూడటానికి బస్సెక్కుతూ, "తొట్టి నేను చూసుకున్నాను. నువ్వు ముట్టుకోకమ్మాయ్" అని మరీ చెప్పి వెళ్ళింది.

ఆమె అటు వెళ్ళగానే నా కళ్ళన్నీ ఆ వెనక అద్దం మీద పాచి మీదే. మూడేళ్ళైనా ఆ ఇంట్లో ఇది కోడలు చేసింది అని చెప్పుకోదగ్గ పని ఒక్కటీ లేదు. వంట ఆమెది, ఊరగాయలు ఆమెవి, మెప్పులు ఆమెవి. రేపు వచ్చే పెద్దమనిషి తొట్టిని చూసి ఆశ్చర్యపోవాలి, అది నా పని అని మామగారు చెప్పాలి. అదీ నా కోరిక.

చేపల్ని బకెట్లోకి తీశాను. నీళ్ళన్నీ పారబోశాను. చాకలిసోడా వేసి అద్దాలు నాలుగూ తోమాను. ఇసుకనూ సోడానీళ్ళతోనే కడిగాను. అప్పుడే తోడిన చల్లటి బావినీళ్ళు నిండుగా పోసి చేపల్ని వదిలాను. తొట్టి తళతళలాడింది. మామగారు కొట్లోంచి వచ్చి చూసి, "భేష్, అద్దంలా ఉంది" అన్నారు. ఆ పూటంతా నా కాళ్ళు నేల మీద లేవు.

సాయంత్రానికి చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. పెద్దత్తగారు బస్సు దిగి వచ్చింది. అప్పటికే ఆమె కళ్ళకు శుక్లాలు కమ్ముకొస్తున్నాయి. దగ్గరగా వంగితే గానీ చేప కనబడదు. చిటికెడు మేత వేసి, ముఖం ఇంకాస్త కిందికి వంచింది.

"నీళ్ళు మార్చావా అమ్మాయ్? కొత్త వాసనొస్తోంది."

"లేదండీ. అద్దం తుడిచానంతే."

"సరే" అని లోపలికి వెళ్ళిపోయింది.

తెల్లారేసరికి ఆరూ తేలిపోయి ఉన్నాయి. అతిథి వచ్చే రోజు. మామగారికి కోపం వచ్చింది. "ఏంటిది వదినా? నిన్న బాగానే ఉన్నాయే!" అన్నారు. మా ఆయన కూడా వచ్చి నిలబడ్డారు. పెద్దత్తగారి ముఖం తెల్లబోయింది. "నేను ఒక్క చిటికెడే వేశానే" అంటూ నావైపు తిరిగింది. "నువ్వు చూశావు కదమ్మాయ్?"

నిజం చెప్పడానికి నాకు అంతకంటే మంచి సమయం మళ్ళీ రాలేదు. "రెండుసార్లు వేశారండీ" అన్నాను. "ఒకసారి వేసి వెళ్ళి, కాసేపటికి మళ్ళీ వచ్చి వేశారు."

ఆమె తన వేళ్ళ వంక చూసుకుంది. "అవునా?" అంది. అంతే. వాదించలేదు.

ఆ పూట తప్పించుకుంటే చాలనుకున్నాను. కానీ నా మాట అక్కడితో ఆగలేదు. పోయిన వారం వదిన ఒకే సంగతి రెండుసార్లు అడిగిందని మామగారికి గుర్తొచ్చింది. పెరటి తలుపు గడియ పెట్టడం మరిచిపోయిందని మా ఆయనకు గుర్తొచ్చింది. వెతికితే ఎవరి విషయంలోనైనా దొరికేవే అవి. నెల తిరక్కుండా ఒకరోజు మామగారు చాలా మర్యాదగా, "ఇక మీరు విశ్రాంతి తీసుకోండి వదినా. తాళాలు కోడలికివ్వండి" అన్నారు. ఆమె గుత్తి తీసి నా చేతిలో పెట్టింది. నేను తీసుకున్నాను. తొట్టి అటకెక్కింది.

ఆ ఏడు ఆవకాయకు ఆవపిండి ఎంతో, ఉప్పెంతో ఎవరూ ఆమెను అడగలేదు. నన్ను అడిగారు. ఆమె తన మతిని తనే నమ్మడం మానేసింది. కిటికీ గట్టు మీద చింతగింజలు పెట్టుకుంది. దేవుడికి దీపం పెడితే ఒకటి జరిపేది, మందు వేసుకుంటే ఒకటి జరిపేది. కాసేపయ్యాక వెళ్ళి లెక్క చూసుకునేది. ఇంత జరుగుతున్నా నేను నోరు విప్పలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ చెప్పడం మరీ కష్టమైంది.

ఆరేళ్ళ తర్వాత బెజవాడలో ఆమె కళ్ళకు ఆపరేషన్ చేయించాం. కళ్ళజోడు పెట్టుకుని తిరిగొస్తుంటే బస్టాండు దగ్గర ఒక దుకాణంలో గాజుపాత్రలో ఎర్ర చేపలు కనిపించాయి. ఆమె అక్కడే నిలబడిపోయింది. మా ఆయన రెండు కొనిచ్చారు. అటక మీది తొట్టి దింపించి, ఆమె చెప్పినట్టే అన్నీ అమర్చాం. కానీ మేత వేయమంటే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నేను వెయ్యను తల్లీ. నువ్వే వెయ్యి. మళ్ళీ రెండుసార్లు వేస్తే?"

మర్నాడు మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి, బెదురుగా అడిగింది. "ఇవాళ నేను గానీ ఏమన్నా వేశానా అమ్మాయ్?"

ఇక నా వల్ల కాలేదు. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. సోడా సంగతి, బావినీళ్ళ సంగతి, రెండు అబద్ధాలూ. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

ఆమె గోడ పట్టుకుని మెల్లగా పీట మీద కూర్చుంది. తర్వాత, "అయితే నాకు మతి పోలేదా?" అంది.

"లేదండీ."

"నీళ్ళు కొత్త వాసన వచ్చాయి. నాకు తెలుస్తూనే ఉంది. కానీ నువ్వు అబద్ధమాడతావని అనుకోలేదమ్మాయ్. నా ముక్కుదే తప్పనుకున్నాను." కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. ఆ ముఖంలో కోపం లేదు. పోయిందనుకున్న వస్తువు దొరికినట్టుంది. మళ్ళీ పెట్టుకుని నెమ్మదిగా అడిగింది. "మీ మామగారితో ఈ మాట చెప్తావా? నన్ను తిట్టుకున్నారని కాదు. తెలిస్తే బాగుంటుందని."

"రేపు చెప్తానండీ" అన్నాను.

ఆ మర్నాడు ఆమె ఉతికిన చీర కట్టుకుని, మామగారు కొట్లోంచి వచ్చే వేళకు హాల్లో స్తంభం పక్కన పీట వేసుకు కూర్చుంది. మామగారు వచ్చారు. నేను కాఫీ ఇచ్చాను. రెడ్డిగూడెం తోటల్లో పూత ఎలా ఉందని అడిగాను. ఆయన పూత గురించి చెప్పారు. పెద్దత్తగారు ఒకసారి నావైపు చూసింది. ఆయన గ్లాసు దించి లేచి వెళ్ళాక, ఆమె కూడా లేచి, పీట గోడకు ఆనించి తన గదిలోకి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎన్నడూ అడగలేదు.

చింతగింజలు మాత్రం ఆ రోజే పారేసింది. చేపలకు మేత తనే వేసింది, చివరిదాకా. ఆ రెండూ బాగా పెరిగాయి. తాళాలు నా నడుముకే ఉన్నాయి. ఇంకో రెండేళ్ళు ఆమె మతిలేనిదిగానే ఈ ఇంట్లో బతికింది.

చింతగింజల సంగతి దాకా రాసింది నిన్న సాయంత్రం మామగారికి చదివి వినిపించాను. ఆయన వంచిన తల ఎత్తలేదు. అయ్యాక ఒక్కటే అడిగారు.

"తనకు మతి పోలేదని వదినకి తెలుసా?"

"నేనే చెప్పానండీ. రెండేళ్ళయింది. మీతో చెప్పమని అడిగారు కూడా."

ఆయన నెమ్మదిగా లేచి వెనక పెద్దత్తగారి గది వైపు నడిచారు. నేను వెంట వెళ్ళి నాలుగడుగుల దూరంలో ఆగిపోయాను. గదిలో చుట్టిపెట్టిన పరుపు, ఖాళీ మంచం. మామగారు గడప ఇవతలే నిలబడ్డారు. భుజం మీది కండువా తీసి చేత్తో పట్టుకుని, లోపలికి రమ్మని ఎవరో పిలిస్తే గానీ అడుగు వేయనట్టు, అలా నిలబడే ఉన్నారు.