పంపులు పగటికి మారాక

మా బావ ఇరవై నాలుగేళ్ళు రాత్రి డ్యూటీ చేశాడు. కొండ కింద పంపుహౌసులో ఆపరేటరు. కొండ మీద ఒక జలాశయం, కింద ఇంకొకటి, మధ్యలో మనిషి వంగకుండా నడిచేంత లావు గొట్టాలు. ఊళ్ళన్నీ నిద్రపోయి కరెంటు మిగిలిపోయే వేళ, ఆ మిగిలినదానితో నీళ్ళు పైకి తోడాలి. సాయంత్రం అందరూ ఒక్కసారే స్విచ్చులు వేసినప్పుడు ఆ నీళ్ళే కిందికి వదిలితే, అదే యంత్రం వెనక్కి తిరిగి కరెంటు ఇస్తుంది. తోడే పని రాత్రిది. రాత్రులు మిగతావాళ్ళు ముఖం చాటేస్తే బావ ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నవాణ్ణి మళ్ళీ ఎవరడుగుతారు? పంపుహౌసులో ఆయన పేరు గుడ్లగూబ.

ఆయన భార్య మా అక్క. స్కూలు యూనిఫాంలు కుడుతుంది. ఉన్నవి రెండు గదులు. పగలు బావ నిద్ర చెడకూడదని పెళ్ళైన మూడో నెలలోనే కుట్టుమిషను మా ఇంటి వరండాలోకి మోయించింది. మోసింది నేనే. మా మేనకోడలైతే మాటలకంటే ముందు గుసగుసలు నేర్చుకుంది. ఒకటో తరగతిలో టీచరు అక్కని పిలిపించి, "పాపకి గొంతులో ఏమైనా ఇబ్బందా?" అనడిగింది.

"గొంతుకేం లేదండీ, వాళ్ళ నాన్నకి పగలు నిద్ర" అంది అక్క.

ఇలా ఉండగా కొండ ఎదుటి మైదానమంతా సోలార్ పలకలు పరిచారు. రెండేళ్ళలో కనుచూపు మేర అవే. ఒకరోజు పెద్ద ఇంజనీరు వచ్చి, ఇకమీదట నీళ్ళు మధ్యాహ్నం తోడాలన్నాడు.

"రాత్రి కరెంటు మిగలడం లేదా సార్?" అన్నాడు బావ.

"అది ఎప్పుడూ ఉండేదే. మధ్యాహ్నం మాత్రం వాడేవాళ్ళు లేక, పలకలు ఆపెయ్యమని ఫోన్లు చేస్తున్నాం. కాసే ఎండని కాదనడం దేనికి? నీళ్ళు తోడి పెట్టుకుంటే పొద్దు వాలగానే వదలొచ్చు."

బావ తిన్నగా మా ఇంటికొచ్చాడు. "బామ్మర్దీ, నన్ను పగటికి వేశారు" అన్నాడు, ఎవరో పోయినట్టు మొహం పెట్టి.

"మంచిదేగా బావా, మనుషుల్లో పడతావ్."

"అదేరా బాధ. పగలు అక్కడ పాతికమంది ఉంటారు. అందరూ మాట్లాడతారు."

ఇంట్లో కష్టాలు ఇంకో రకం. అక్క ఇన్నేళ్ళూ మంచానికి ఈ మూల నుంచి ఆ మూలకి పడుకుని, రేడియో చిన్నగా పెట్టుకుని నిద్రపోయేది. ఇప్పుడు పక్కన ఒక మనిషి కట్టెలా, కళ్ళు తెరుచుకుని పడుకుంటున్నాడు. లేచి తిరుగుతాడు, వంటింట్లో డబ్బాలు సర్దుతాడు. పొద్దున ఉప్పు ఎక్కడుందో అక్కకి తెలియదు. నిద్ర చాలక మా వరండాలో మిషను పక్కనే చాప వేసుకుని పడుకునేది.

"కాపురం ఎలా ఉందే?" అన్నాను.

"కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. పాతాయన కూడా ఎరగడు" అంది.

పనిలోనూ నలుగుడే. ముందు రాత్రికి ఒకసారి పంపు వెయ్యడం, ఒకసారి ఆపడం. ఇప్పుడు మబ్బొస్తే ఆపాలి, ఎండొస్తే వెయ్యాలి, సాయంత్రం వెనక్కి తిప్పాలి. "ఇది యంత్రమా, పిల్లల బొంగరమా?" అని గొణిగేవాడు. రెండు దాటితే కళ్ళు మూతలు పడతాయి కాబట్టి మెడ మీద తడి తువ్వాలు వేసుకునేవాడు. మూడో నెలలో అక్క పోరు పడలేక, మళ్ళీ రాత్రికి మార్చమని అర్జీ రాసి జేబులో పెట్టుకుని డ్యూటీకి వెళ్ళాడు.

ఆ రోజే మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి మైదానం మీదికి మబ్బు దుప్పటిలా కమ్ముకొచ్చింది. కంట్రోలు సెంటరు నుంచి ఫోను: రెండు పంపులూ ఆపండి, వెంటనే కరెంటు ఇవ్వండి. పంపులు ఆపారు. అవి తినే కరెంటు తగ్గింది కాబట్టి కాస్త ఊపిరి అందింది. అయినా వాడకానికి సరిపడా కరెంటు ఉందో లేదో చూపే గోడ మీది అంకె, యాభై దగ్గర నిలవాల్సింది నలభై తొమ్మిదిన్నర వైపు జారుతోంది. అది మరీ దిగితే ఊళ్ళకి ఊళ్ళే కోసెయ్యాలి. మొదటి యంత్రం చెప్పినట్టు విని వెనక్కి తిరిగింది. రెండోది కదల్లేదు. యంత్రంలోకి నీళ్ళని వదిలే, ఆపే రెక్కలు మూసుకుంటేనే అది వెనక్కి తిరుగుతుంది; అవి ఇంకా మూసుకోలేదంటోంది స్క్రీను.

షిఫ్టు ఇంజనీరు చిన్న వయసమ్మాయి. బావని బాబాయ్ అంటుంది.

"మూసుకున్నాయి మేడమ్. నీళ్ళ హోరు ఆగింది, వినండి" అన్నాడు బావ.

"నిజమే కావచ్చు బాబాయ్. వినికిడి మీద యంత్రం తిప్పలేను. స్క్రీను ఒప్పుకోవాలి."

ఆమె అన్నది న్యాయమే. బావ ఇనప మెట్లు దిగి మూడంతస్తుల కిందికి వెళ్ళాడు. టార్చి వేసి చూసి కింది ఫోనులో చెప్పాడు: "ఇరవై రెక్కలూ మూసే ఉన్నాయి, లెక్కపెట్టాను. ఆ సంగతి పైకి చెప్పే చిన్న స్విచ్చు ఉంది చూడండి, దాని మీట గ్రీజులో ఇరుక్కుంది."

"చెయ్యి పెట్టకండి. యంత్రం తిరక్కుండా తాళం వేసి చెప్తాను."

నిమిషం ఆగాడు. ఆ నిమిషమే చాలా పొడుగనిపించిందట. ఆమె సరేనన్నాక మెడలోని తువ్వాలుతో గ్రీజు తుడిచాడు. మీట టక్కుమని లేచింది. స్క్రీను ఒప్పుకుంది. తాళం తీశాక రెండో యంత్రమూ వెనక్కి తిరిగింది. ఫోను వచ్చినప్పటి నుంచి మొత్తం పదిహేను నిమిషాలు. ఊళ్ళో ఒక్క ఫ్యానూ ఆగలేదు. ఎవరికీ తెలియదు. అక్క మా వరండాలో గుర్రుపెట్టి నిద్రపోతోంది.

బావ అర్జీ ఇవ్వలేదు. దాని వెనకవైపే ఇంకొకటి రాశాడు: రెక్కలు ఇదివరకటికి ఆరింతలు తెరుచుకుని మూసుకుంటున్నాయి, గ్రీజు బయటికి ఉబుకుతోంది, స్విచ్చులు వారానికోసారి తుడవాలి. ఇంజనీరమ్మాయి అది తెల్లకాగితం మీదికి ఎక్కించి, కింద ఆయన చేతే సంతకం పెట్టించి పైకి పంపింది. నెల తిరక్కుండా అది రూలైంది. ఆ కాగితం నకలు నాకు చూపించి, "ఇన్నేళ్ళలో నేను చెప్పింది ఆఫీసు విన్నది ఇదేరా" అన్నాడు.

నిద్ర ఒక్కరోజులో దారికి రాలేదు. ఆరేడు నెలలు పట్టింది. అక్క ముందు గదిలో మంచం వేయించుకుని రేడియోతో సహా అక్కడే స్థిరపడింది. మిషను మాత్రం తిరిగి వాళ్ళింటికి వెళ్ళింది. ఈసారి బావే మోశాడు.

పోయినేడు పంపుహౌసు పక్కన బ్యాటరీల పెట్టెలు వరసగా దించారు. మబ్బు పడ్డ క్షణంలోనే అవి అందుకుంటాయి. గంటల తరబడి లాగాల్సింది పంపుహౌసే. "వాటికి పరుగు, మాకు మోత" అంటాడు బావ. ఇప్పుడు ఆయనకి మధ్యాహ్నం తువ్వాలు అక్కర్లేదు.

మొన్న సెలవురోజు ఉదయం ఇద్దరూ కూరగాయలకి బయల్దేరారు. నాలుగిళ్ళ అవతలి పెద్దాయన బావని ఎగాదిగా చూసి, "ఎవరింట్లో దిగారండీ? కొత్తగా ఉన్నారు" అన్నాడు. ఆ వీధిలో బావ పాతికేళ్ళుగా ఉంటున్నాడు. అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే బావ చేతి సంచి ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుని, "ఈ మధ్యే వచ్చానండీ" అన్నాడు. పెద్దాయన కూరగాయలు ఏ కొట్లో బాగుంటాయో పూస గుచ్చినట్టు చెప్పాడు. బావ శ్రద్ధగా విన్నాడు.