కెన్యా అమ్మాయికి మేం ఇంగ్లీషు నేర్పిన ఏడాది

ఎనభైల మొదట్లో, వరంగల్‌లో ఇంగ్లీషు ఎమ్మే పూర్తి చేసిన వెంటనే, చదివిన విభాగంలోనే నాకు తాత్కాలిక లెక్చరర్ ఉద్యోగం దొరికింది. తాత్కాలికం అంటే ఏమిటో చెప్పాలి. మిగతా లెక్చరర్లకు కుర్చీ ఉంటుంది. నాకు కుర్చీ ఖాళీ అయినప్పుడు ఉంటుంది.

నన్ను తీసుకున్నది నా మార్కులు చూసి కాదు. ఆ ఏడు మా విశ్వవిద్యాలయానికి కొందరు విదేశీ విద్యార్థులు వచ్చారు. సూడాన్, యెమెన్ దేశాల మగపిల్లలు, కెన్యా నుంచి ఒక అమ్మాయి. అసలు చదువుల్లో చేరేముందు వాళ్ళందరూ మా విభాగం పెట్టిన ప్రత్యేక ఇంగ్లీషు కోర్సు పాసు కావాలని నియమం. కోర్సులో ఒక ఆడపిల్ల ఉంది కాబట్టి ఒక ఆడ లెక్చరర్ ఉండాలన్నారు మా హెడ్డు గారు. ఆ ఆడ లెక్చరర్ని నేను.

హెడ్డు గారిది డెల్టా జిల్లా. మా తెలుగు ఆయనకు తెలుగు కాదు. విదేశీ పిల్లల ఇంగ్లీషు ఆయనకు ఇంగ్లీషు కాదు. ఈ రెండు జాతులనూ ఏకకాలంలో ఉద్ధరించే బాధ్యత తన మీద పడిందని ఆయన నమ్మారు. కోర్సుకు పాఠ్యపుస్తకం కూడా తనే రాశారు. ఒక టేపురికార్డరు తెప్పించి, బీరువాలో పెట్టి, తాళం చెవి జేబులో వేసుకున్నారు. బయటికి తీస్తే పాడవుతుందని ఆయన భయం.

మొదటి పాఠం "దిస్ ఈజ్ ఎ డస్టర్". మా విభాగంలో డస్టర్ లేదు. బోర్డు తుడవడానికి ఒక పాత గుడ్డ ముక్క ఉండేది. నేను దాన్ని ఎత్తి పట్టుకుని "దిస్ ఈజ్ ఎ డస్టర్" అన్నాను. యెమెన్ అబ్బాయి ఒకడు చెయ్యెత్తి, చాలా మర్యాదగా, అది డస్టర్ కాదు, గుడ్డ అన్నాడు. కిటికీ దగ్గర నిలబడి వింటున్న హెడ్డు గారు లోపలికి వచ్చి, పుస్తకంలో డస్టర్ అని ఉంటే అది డస్టరేనని తేల్చి వెళ్ళారు.

కెన్యా అమ్మాయి ముందు బెంచీలో కూర్చుని ఇదంతా చూస్తోంది. పొడుగ్గా, ఎవరు మాట్లాడుతుంటే వాళ్ళ ముఖంలోకి సూటిగా చూసే పిల్ల. చిన్నప్పటి నుంచీ బడిలో చదువంతా ఇంగ్లీషులోనే జరిగిందట. ఇక్కడికి వచ్చింది ఇంగ్లీషు సాహిత్యంలో ఎమ్మే చేయడానికి. క్లాసు అయిపోయాక నా దగ్గరికి వచ్చి, నవలలు ఎప్పుడు మొదలవుతాయని అడిగింది. ఆ అడగడంలో ఉన్న ఇంగ్లీషు విని చేతిలోని గుడ్డ ముక్కను వెనక్కి దాచుకున్నాను. అంత హాయిగా ఆ భాష మాట్లాడే మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. మేమంతా ఇంగ్లీషును పరీక్షకు పోతున్నట్టు మాట్లాడేవాళ్ళం.

నేను హెడ్డు గారి దగ్గరికి పోయి విషయం చెప్పాను.

"సార్, ఆ అమ్మాయికి ఈ కోర్సు అవసరం లేదు. మనకంటే మంచిగ మాట్లాడుతాంది."

"చూడమ్మా," అన్నారాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "అది వాళ్ళ దేశపు ఇంగ్లీషు. మనది ఒరిజినల్. అయినా నువ్వు ముందు నీ తెలుగు సరిచేసుకో."

ఆ అమ్మాయికి ఉండటానికి చోటు దొరకలేదు. ఆడపిల్లల హాస్టల్ వార్డెన్ గదులన్నీ నిండినయని చెప్పింది. రెండు గదులు ఖాళీగా తాళాలు వేసి ఉన్నట్టు నాకు తెలుసు, వార్డెన్‌కూ తెలుసు. "మిగతా పిల్లల అమ్మానాన్నలు ఏమనుకుంటారో" అని తర్వాత మెల్లగా అంది. ఏమనుకుంటారో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ పిల్ల కొన్నాళ్ళు హనుమకొండలో ఒక లాడ్జిలో ఉంది. మా అమ్మ ఈ సంగతి తెలిసి నన్ను తిట్టింది.

"ఆడపిల్ల, ఊరుగాని ఊరు. లాడ్జిల ఎట్లుంటదే? మనింటికి తోల్కరా."

మాది జంపఖానాలు నేసే ఇల్లు. ముందుగదిలో సగం మా నాయిన మగ్గమే. మిగతా సగంలో ఒక మంచం వేశాం. ఆమె రిక్షా దిగిన రోజు వాడకట్టు వాడకట్టంతా మా గుమ్మం ముందే ఉంది. పక్కింటి ముసలవ్వ ముందుకొచ్చి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, బొటనవేలితో గట్టిగా రుద్ది, రంగు అంటిందేమోనని తన వేలు చూసుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల మాత్రం తొణకలేదు. అవ్వ చెయ్యి అందుకుని, అంతే గట్టిగా రుద్ది, తన వేలు చూసుకుని, లాభం లేదన్నట్టు తల ఊపింది. వాడకట్టంతా పగలబడి నవ్వింది. అందరికంటే ఎక్కువ అవ్వే నవ్వింది. ఆ సాయంత్రం నుంచీ ఆమె తల దువ్వడం అవ్వ తన పనిగా పెట్టుకుంది. ఆ జుట్టు దువ్వెనకు లొంగదని తెలుసుకోవడానికి అవ్వకు ఒక దువ్వెన ఖర్చయింది.

మా అమ్మ మొదటి నాలుగు రోజులూ ఆమెకు సన్నబియ్యం అన్నం పెట్టింది. మేం మాత్రం వెనక వంటింట్లో మక్క గటక తినేవాళ్ళం. మక్కజొన్న రవ్వను నీళ్ళలో గట్టిగా ఉడికిస్తే అదే గటక. విదేశాల నుంచి వచ్చిన మనిషి కంట అది పడితే మా పరువు పోతుందని అమ్మ తలుపు దగ్గరగా వేసేది. ఐదో రోజు ఆ పిల్ల వాసన పట్టుకుని వంటింట్లోకే వచ్చేసింది. గిన్నెలోకి తొంగిచూసి, అక్కడే చతికిలబడి, ఇంత ముద్ద తీసి, వేలితో మధ్యలో గుంట చేసి, పులుసులో ముంచి తింది. వాళ్ళింట్లో రోజూ తినేది ఇదేనట. ఉగాలి అంటారట.

"ఏందే, విమానమెక్కొచ్చి గటక తింటవా?" అంది అమ్మ. తర్వాత నా వైపు తిరిగి, "గింత దూరం పోయినా గీ గటకనే ఉన్నదా బిడ్డా!" అని చాలాసేపు ఆశ్చర్యపోయింది.

అట్లా ఆమె ఇంట్లో పిల్ల అయింది. నన్ను క్లాసులో మేడం అనేది, గుమ్మం దాటితే అక్కా అనేది. నాయిన మగ్గం పక్కన కూర్చుని పోగులు అందిస్తూ తెలుగు నేర్చుకుంది. ఏ పుస్తకమూ లేదు. తప్పు మాట్లాడితే అవ్వ నవ్వేది, ఒప్పు మాట్లాడితే మా అమ్మ సమాధానం చెప్పేది. నాలుగు నెలలు తిరిగేసరికి కూరగాయల బండి ఆపి బేరమాడటం, "జర ఆగరాదు", "ఫికర్ జేయకు" అనడం, అన్నీ వచ్చేశాయి. ఆ నాలుగు నెలల్లోనే క్లాసులో మేం డస్టర్ నుంచి పోస్టాఫీసు దాకా ప్రయాణించాం.

మధ్యలో ఒక పరీక్ష పెట్టారు. "మా ఊరు" అని వ్యాసం. హెడ్డు గారి పుస్తకంలో ఆ వ్యాసం ముందే ఉంది. మా ఊరు నది ఒడ్డున ఉంది, ఊళ్ళో గుడి ఉంది, ప్రజలు అమాయకులు, ఉదయాన్నే ఆడవాళ్ళు ముగ్గులు వేస్తారు. సూడాన్ రాజధానిలో పుట్టి పెరిగిన అబ్బాయి దాన్ని అక్షరం పొల్లుపోకుండా రాశాడు. తన ఊళ్ళో గుడి కట్టాడు, తన తల్లి చేత ముగ్గులు వేయించాడు. అతనికి ఫస్టు వచ్చింది. కెన్యా అమ్మాయి నిజంగా తన ఊరి గురించి రాసింది. వాళ్ళ నాయనమ్మ ఎండు చేపలు అమ్మడానికి సంతకు పోవడం, దారిలో బస్సు చెడిపోతే ప్రయాణికులందరూ దిగి పాటలు పాడుకుంటూ కూర్చోవడం. నేను ఆ వ్యాసం రెండుసార్లు చదివాను. హెడ్డు గారు ఒకసారే చదివి ఆమెను పరీక్షలో ఫెయిలు చేశారు.

"సార్, ఒక్క తప్పు లేదు కదా అందులో?" అన్నాను.

"తప్పులు లేకపోతే సరిపోతుందా? నది ఎక్కడ? గుడి ఎక్కడ? సొంతంగా రాసింది. సొంతంగా రాయమని ఎవరు చెప్పారమ్మా?"

ఆ పిల్ల తన మార్కులు చూసుకుని ఇంటికొచ్చి, ఆ రాత్రి అన్నం తినలేదు. ఎమ్మేలో చేరకపోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, తిరిగి వెళ్ళిపోవాలి. ఇంగ్లీషు రాదని వెనక్కి పంపించారని ఊళ్ళో ఎట్లా చెప్పుకోవాలి అని అడిగింది. నాయిన మగ్గం ఆపి, "మీ సారుకు ఇంగిలీషు వస్తదా?" అని నన్ను అడిగాడు.

ఇంతలో ఇంగ్లండు నుంచి ఒక పెద్దావిడ వస్తోందని కబురొచ్చింది. ఇంగ్లీషు ఎట్లా నేర్పుతున్నారో చూస్తూ దేశమంతా తిరుగుతోందట. మా విభాగం గోడలకు సున్నం వేశారు. టేపురికార్డరు బీరువాలోంచి బయటికొచ్చింది. పోస్టాఫీసు సంభాషణను పిల్లలందరి చేత బట్టీ పట్టించారు. తప్పిన మనిషి కదా, కెన్యా అమ్మాయిని చివరి వరసలో కూర్చోబెట్టి నోరు తెరవొద్దన్నారు.

ఆవిడ వచ్చింది. బూడిదరంగు జుట్టు, కాళ్ళకు మామూలు చెప్పులు. హెడ్డు గారు లేచి స్వాగతం పలికారు. ఆయన ఇంగ్లీషు కాజీపేట మీదుగా పోయే గూడ్సు బండిలాంటిది. ఒకే వేగం, ఒకే చప్పుడు, ఎక్కడా ఆగదు. ఆవిడ ముందుకు వంగి "పార్డన్?" అంది. ఆయన అదే వాక్యం ఇంకొంచెం గట్టిగా చెప్పారు. ఆవిడ మళ్ళీ "పార్డన్?" అంది. ఆయన ఇంకా గట్టిగా చెప్పారు.

చివరి వరసలో కెన్యా అమ్మాయి లేచి నిలబడింది. హెడ్డు గారు చెప్పిన వాక్యాన్నే, అదే మాటలతో, నింపాదిగా చెప్పింది. ఆవిడ ముఖం విప్పారింది. గబగబా ఏదో జవాబిచ్చింది. ఆవిడది ఇంగ్లండు ఉత్తరాన ఏదో ఊరట, మాటలు మింగేస్తోంది. హెడ్డు గారికి అర్థం కాలేదు. ఆయన నా వైపు చూశారు. నాకూ అర్థం కాలేదు. మేమిద్దరం ఇంగ్లీషును కళ్ళతో నేర్చుకున్నవాళ్ళం.

"సార్," అంది కెన్యా అమ్మాయి, మా వాడకట్టు తెలుగులో. "ఈ మేడం ఏమంటాందంటే, మీరు గా టేపురికార్డరు రోజు వాడుతాండ్రా అని అడుగుతాంది."

హెడ్డు గారి ముఖంలో రంగులు మారాయి. ఇంగ్లీషు తెలియలేదన్న బాధ ఒకటి, అది తనకు నచ్చని తెలుగులో తెలిసిందన్న బాధ ఇంకొకటి. అయినా తమాయించుకుని, "వాడతామని చెప్పు. రోజూ వాడతామని చెప్పు," అన్నారు.

ఆమె ఆవిడ వైపు తిరిగి, ఉన్నది ఉన్నట్టుగా ఇంగ్లీషులో పెట్టింది. "రోజూ వాడతామని మీకు చెప్పమని సార్ నాకు చెప్తున్నారు."

ఆవిడ ఫక్కున నవ్వింది. అది మెచ్చుకోలు అనుకుని హెడ్డు గారు కూడా నవ్వారు. తర్వాత ఆవిడ ఆ అమ్మాయినే సూటిగా అడిగింది, నువ్వీ క్లాసులో ఎందుకున్నావని. పరీక్ష తప్పాను కాబట్టి అని చెప్పింది ఆ పిల్ల. ఆవిడ నవ్వు ఆగిపోయింది. హెడ్డు గారి వైపు చూసి, కిటికీ వైపు తిరిగి, తనలో తాను ఏదో గొణుక్కుంది.

"ఏమంటోంది?" అన్నారు హెడ్డు గారు, తగ్గుస్వరంతో.

"ఏం లేదు సార్. మన కోర్సును చూసి పరేషాన్ అయితాంది."

"చెప్పు, ఇదంతా నాలుగు నెలల కృషి అని చెప్పు."

ఆమె అదీ చెప్పింది.

టీ తాగేటప్పుడు ఆవిడ వైస్ ఛాన్సలర్ పక్కన కూర్చుని మెల్లగా ఏదో మాట్లాడింది. వారం తిరక్కుండా కెన్యా అమ్మాయిని కోర్సు నుంచి తప్పించి ఎమ్మేలో చేర్చుకున్నారు. ఇక హెడ్డు గారి అదృష్టం చూడండి. నాలుగు నెలల్లో ఆఫ్రికా పిల్లకు దొరసానితో మాట్లాడేంత ఇంగ్లీషు నేర్పిన మహానుభావుడని పేపర్లో వార్త వచ్చింది. ఫోటో కూడా వేశారు. హెడ్డు గారు ఆ పెద్దావిడకు నమస్కారం పెడుతున్నారు. వాళ్ళిద్దరి పక్కన ఒక నల్లటి మోచెయ్యి. ఆ మోచెయ్యి ఎవరిదో ఎవరూ రాయలేదు. మా అమ్మ మాత్రం ఆ పేపరు ముక్కను గోడకు అంటించి, వచ్చినవాళ్ళందరికీ, "గీ చెయ్యి మా బిడ్డదే," అని చూపించేది.

మరుసటి ఏడాది కోర్సును ఇంకా పెద్దది చేశారు. ఈసారి ఆడపిల్లలెవరూ రాలేదు కాబట్టి ఆడ లెక్చరర్ అవసరం లేదని నన్ను తీసేశారు. నేను డోర్నకల్‌లో జూనియర్ కాలేజీలో చేరి, రోజూ ప్యాసింజర్‌లో పోయి వచ్చేదాన్ని. ఆమె మా ఇంట్లోనే ఉండి రెండేళ్ళూ చదువుకుంది. పేపర్లో పడ్డ మనిషి కాబట్టి హాస్టల్ వార్డెన్ ఒకసారి స్వయంగా వచ్చి, గది ఇస్తానంది. అమ్మ ఆమెకు టీ ఇచ్చి, పిల్ల ఎక్కడికీ రాదని చెప్పి పంపించింది.

చదువు ముగించుకుని ఆమె వెళ్ళిపోయే రోజు మేమంతా కాజీపేట స్టేషన్‌కు పోయాం. నాయిన నేసిన జంపఖానా ఒకటి చుట్టి సీటు కింద పెట్టాం. రైలు పెట్టెలో ఎదుటి సీట్లో తెల్లచొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి ఆమెను కాసేపు పరీక్షగా చూసి, ఏ దేశమని, ఇక్కడ ఏం చదివావని ఇంగ్లీషులో అడిగాడు. ఆమె తెలుగులో చెప్పింది. ఆయన నోరు తెరిచాడు.

"ఇంగిలీషు చదువుతందుకు కెన్యా నుంచి వరంగల్ దాంక వచ్చినవా బిడ్డా?"

"అవు కాకా. ఇక్కడ మంచిగ చెప్తరు."

ఆమె ముఖంలో నవ్వు జాడ లేదు. పెద్దమనిషి గర్వంగా తల ఊపి, పక్కనున్న వాళ్ళకు ఆ మాట మళ్ళీ చెప్పాడు. వాళ్ళూ నమ్మారు. నాకు నవ్వు ఆగలేదు కానీ, అప్పటికే అమ్మ కిటికీ ఊచలు పట్టుకుని ఏడుస్తోంది. ఆమె లోపలి నుంచి అమ్మ చేతుల మీద చేతులు వేసి, ఏడవొద్దని మా భాషలోనే ఏదేదో చెబుతోంది. బండి కదిలాక అవ్వ రెండడుగులు దానితో నడిచి, ఆగిపోయింది.