పైమెట్ల సిరా

వాల్‌సెక్ గ్రామానికి ఉత్తరాన, పలకరాళ్ల కొండవాలులో, విదాల్ కుటుంబానికి నాలుగు హెక్టార్ల ద్రాక్షతోట తరతరాలుగా ఉంటూ వచ్చింది. ఆ కుటుంబంలో 1924వ సంవత్సరంలో జన్మించిన ఫుల్‌క్రాన్ విదాల్ పొట్టి మనిషి, మితభాషి. అంటు కట్టడం ఆయన వృత్తి. ఆయన జీవితంలో చెప్పుకోదగిన సంగతులన్నీ ఒకే కోరిక చుట్టూ తిరిగాయి: తాను పెంచిన సిరా అనే నల్లద్రాక్ష, మరే ద్రాక్షతోనూ కలవకుండా, తన ఊరి పేరుతో సీసాలోకి చేరాలి. ఆ కోరిక నిమిత్తం చిందిన రక్తంలో కొంత ఆయనది, కొంత ఇతరులది.

1961 శీతకాలంలో ఆయన కూలికి అంటు కట్టడానికి రోన్ నది ఎగువ కొండలకు వెళ్లి, అక్కడి సిరా కొమ్మలను తడి గోనెపట్టాలో చుట్టి రైలులో తెచ్చాడు. మరుసటి వసంతంలో తండ్రికి మాటమాత్రమైనా చెప్పకుండా, కొండవాలు తోటలోని పైమెట్ల మీద ఉన్న ఆరువందల కారిన్యాన్ మొక్కల తలలను రంపంతో కోసి, ఆ మోళ్లలో సిరా అంట్లు నిలపసాగాడు. కారిన్యాన్ రుచికి మొరటుదే గాని కాపుకు లోటు చేయనిది. ఆ ఇంటి కుండను మూడు తరాలుగా నింపినది అదే. తండ్రి ప్రోస్పెర్ కొండ ఎక్కి వచ్చి, రసం కారుతున్న మోళ్లను ఒక చివర నుంచి మరో చివర వరకు చూశాడు.

"బతికున్న మొక్కల తలలు తీశావురా," అన్నాడు. "నీ తల ఎందుకు ఉంచాలో చెప్పు."

సమాధానం కోసం ఆయన ఆగలేదు. పార కామతో కొట్టిన మొదటి దెబ్బకే కొడుకు కుడి జబ్బ ఎముక విరిగింది. ఫుల్‌క్రాన్ చేయి ఎత్తలేదు, కేక వేయలేదు. తండ్రి దిగిపోయాక ఎడమ చేత్తో కత్తి అందుకున్నాడు. మిగిలిన ఎనభై అంట్లకు భార్య ఒదెత్ పళ్లతో నార బిగించి కట్టింది. ప్రోస్పెర్ ఆ తరువాత నాలుగేళ్లు బతికాడు గాని పైమెట్ల మీద కాలు పెట్టలేదు.

ఊరివారు ఆ ద్రాక్షకు ఉత్తరాది కోడలు అని పేరు పెట్టారు. కాఫీ దుకాణంలో ఆయన కనిపిస్తే చాలు, ఉత్తరాది కోడలికి మన ఎండ పడిందా అని ఎవరో ఒకరు కదిపేవారు. "ఎండ పడింది. అత్తలతోనే పడటం లేదు," అని ఆయన బదులిచ్చేవాడు. కాలక్రమేణా ఎగతాళి చేసినవారే అంట్ల కోసం ఆయన గుమ్మం తొక్కారు. గ్రెనాష్, మూర్‌వెద్ర్ వంటి దక్షిణపు రకాలను కూడా ఆయన దిగువ మెట్ల మీద వేశాడు. అయినా చేతికి వచ్చిన పంటంతా ఊరి సహకార సంఘం తొట్లలోనే పడి, అందరి కారిన్యాన్‌లో కలిసి, ఊరూపేరూ లేని ఎర్రనీరుగా లారీలెక్కి పోయేది.

సంఘానికి అధ్యక్షుడు ఎమిల్ కస్తాన్, ఒదెత్‌కు స్వయానా అన్న. 1978లో అతడు బావకు మాట ఇచ్చాడు: తొమ్మిదవ నంబరు తొట్టి పైమెట్ల సిరాకే ప్రత్యేకం, మూడేళ్లలో సీసాలకు ఎక్కిస్తాం. ఆ మాట మీద నమ్మకంతో ఫుల్‌క్రాన్ మూడు పంటలు తన చేతులతో ఆ తొట్టిలో పోశాడు. సీసాల సంగతి ఎత్తినప్పుడల్లా ఎమిల్ భుజం తట్టి, ఇంకా పచ్చిగానే ఉంది, తొందరపడితే కడుపులో బిడ్డను కోసి తీసినట్టవుతుంది అని నచ్చజెప్పి పంపేవాడు.

అవి ఇటలీ వైన్ ఓడల మీద వచ్చి పడుతున్న రోజులు. సెత్ రేవులో దిగిన ఆ చౌక సరుకు వల్ల ఇక్కడివారి పంటను అడిగే నాథుడు లేకుండా పోయాడు. చుట్టుపక్కల పది గ్రామాల రైతులు ఒక పోరాట సంఘంగా ఏర్పడి, రోడ్ల మీద ట్యాంకర్ లారీలను ఆపి, పరాయి వైన్‌ను కాలువల పాలు చేయసాగారు. వాల్‌సెక్ బృందానికి ఎమిలే నాయకుడు. ఆ బృందంలో ఒక కట్టుబాటు ఉండేది. లారీ కాగితాలు అబద్ధమాడవచ్చును గనుక, కుళాయి విప్పే ముందు ఫుల్‌క్రాన్ రుచి చూడాలి. ఆయన వెండి చిప్పలో పట్టి, వాసన చూసి, పుక్కిలించి, ఉమ్మి, "మనది కాదు" అంటే అంతే. ఆ రెండు మాటల మీద ఏడు లారీలు ఖాళీ అయ్యాయి, వాటిలో రెండు తగలబడ్డాయి. 1981 మార్చి నెలలో ఒక డ్రైవరు అడ్డు వస్తే, అతడి చేతిని ట్యాంకు మూత కింద పెట్టి నలగ్గొట్టారు. ఆ సాయంత్రం ఫుల్‌క్రాన్ ఇంటికి వచ్చి చిక్కుళ్ల కూర రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. తినగలిగావా అని ఒదెత్ అడిగింది. ఆయన పళ్లెం తుడుచుకున్నాడు.

1981 ఆగస్టులో ఒక మంగళవారం, ఉదయం తొమ్మిది గంటల వేళ, రైల్వే గేటు వద్ద ఎనిమిదవ లారీని ఆపారు. నలభై మంది రైతులు, చేతుల్లో గొడ్డలి కామలు, ఇనుప కడ్డీలు. మార్సెల్ బుస్కే అనే డ్రైవరును కిటికీలోంచి జుట్టు పట్టి లాగారు. అతడు కింద పడకముందే నాలుగు దెబ్బలు పడ్డాయి; ముందరి పళ్లు రెండు రాలాయి. ఎవరో అప్పుడే లారీ ముందు గదిలో పెట్రోలు గుమ్మరించారు. కాగితాలలో స్థానిక వైన్, గమ్యం పారిస్ అని ఉంది. ఎమిల్ వాటిని పైకెత్తి చూపి, ఇటలీ వాడికి మన బట్టలు తొడిగారు చూడండి అంటే జనం నవ్వారు.

ఫుల్‌క్రాన్ చిప్ప పట్టాడు. మొదట తగిలినది ఎండలో ఉడికిన ఇటలీ సరుకు, సందేహం లేదు. ఉమ్మబోయి ఆగాడు. దాని అడుగున మరొకటి ఉంది: నల్ల ఆలివ్, మిరియం, వాన పడిన పలకరాయి. జనంలో తన బిడ్డ దగ్గును ఏ తండ్రి పోల్చుకోడు? ఆయన మళ్లీ పట్టి మళ్లీ చూశాడు.

ఆయన డ్రైవరు పక్కన గొంతుకూర్చుని, ఈ సరుకు ఎక్కడ నింపారని అడిగాడు. రేవులో వ్యాపారి కొట్టంలో అని బుస్కే నెత్తురు మింగుతూ చెప్పాడు.

"రెండు లారీలు కలిపారయ్యా. ఒకటి ఓడ సరుకు. రెండోది మీ ఊరిదే. తొమ్మిదో నంబరు తొట్టి అని చీటీ ఉంది. జూలైలో నేనే తోలాను. నన్ను చంపకండయ్యా, నేను తోలేవాణ్ణే."

ఎమిల్ ఆ మాట విన్నాడు. వంగి, బావ చెవి దగ్గర నోరు పెట్టాడు.

"ఉమ్మెయ్యి బావా. మనది కాదను. ఓ అగ్గిపుల్లతో పోయేదానికి నువ్వూ నేనూ కుమ్ములాడుకోవడమెందుకు?"

అంతా అప్పుడు తేటతెల్లమైంది. మూడేళ్ల సిరాను ఎమిల్ రేవు వ్యాపారికి అమ్ముకున్నాడు. ఏ పరాయి సరుకు మీద ఊరిని కడ్డీలతో నిలబెట్టాడో, ఆ సరుకుకే రంగూ రుచీ అద్దడానికి తన ఊరి పంటను పంపాడు. రెండు మాటలు అంటే లారీ కాలిపోతుంది, సాక్ష్యం బూడిదవుతుంది, ఈ డ్రైవరు ప్రాణం ఉంటుందో పోతుందో. ఆపైన బతికినన్నాళ్లూ పైమెట్ల పంట ఆ కొట్టం దారే పడుతుంది. ఆ మాటలు అనకపోతే ఊరితో, ఇల్లాలి పుట్టింటితో తెగతెంపులే.

ఫుల్‌క్రాన్ లేచి నిలబడ్డాడు. నోట్లోది ఉమ్మలేదు, మింగాడు.

"ఇందులో సగం మనదే," అన్నాడు. "నాది. ఎమిల్ అమ్మాడు. తొట్టి తెరిచి చూసుకోండి, ఖాళీగా ఉంటుంది."

ఎమిల్ గొడ్డలి కామను రెండు చేతులతో పట్టి బావ ముఖాన అడ్డంగా కొట్టాడు. ముక్కుదూలం విరిగిన చప్పుడు గేటు అవతలివారికి కూడా వినిపించింది. ఫుల్‌క్రాన్ పడుతూనే చేతిలోని వెండి చిప్ప అంచుతో ఎమిల్ చెంపను చెవి వరకు చీల్చాడు. ఆ తరువాత ఎవరు ఎవరిని కొట్టారో చెప్పడం కష్టం. ఎమిల్‌ను నమ్మినవారు ఫుల్‌క్రాన్‌ను తొక్కారు; తొమ్మిదవ తొట్టి ఖాళీ అని ముందే అనుమానించినవారు వారి మీద పడ్డారు. అన్నదమ్ములు అన్నదమ్ముల వీపుల మీద కడ్డీలు విరిచారు. ఆ సందులో బుస్కే పాక్కుంటూ ద్రాక్షవరుసల్లో దూరి ప్రాణాలు దక్కించుకున్నాడు. ఎవరో కుళాయిని సుత్తితో పగలగొట్టగా ట్యాంకు మొత్తం రోడ్డు మీదికి వచ్చింది.

ఫుల్‌క్రాన్ ఆ ప్రవాహంలో బోర్లా పడి ఉన్నాడు. వైన్ ఆయన ముఖం మీదుగా పారుతోంది. ముక్కులో, నోట్లో అదే. కొంతసేపటికి ఆయనకు ఒక విషయం తోచింది. వాసన లేదు. వైన్ వాసన లేదు, పెట్రోలు వాసన లేదు, తన నెత్తురు వాసన కూడా లేదు.

ముక్కు మొదట్లో ఉండే సన్నని నరాలు తెగిపోయాయని, అవి తిరిగి అతకవని వైద్యుడు మూడు వారాల తరువాత నిర్ధారించాడు. అప్పటి నుంచి ఆయనకు అన్నపానాలు వేడి, చల్లదనం, ఉప్పు, పులుపు, తీపి, కారం, చేదు మాత్రమే. ఇకపై సహకార సంఘంలో ఉండలేనని ఆయన సమర్పించిన పత్రంలో ఒకే వాక్యం ఉంది: "ఈ ఏడాది నుంచి నా పంట నా ఇంట్లోనే ఉంటుంది."

మేకల కొట్టాన్ని ఖాళీ చేసి, అందులో సిమెంటు తొట్టి ఒకటి భార్యాభర్తలు, పంతొమ్మిదేళ్ల కూతురు ఫాబియెన్ కలిసి కట్టుకున్నారు. ఊళ్లో ఇంకా ఎమిల్ మాటే చెల్లుతోంది; కోతకు ఒక్క కూలీ రాలేదు. ట్రాక్టరు టైర్లు కోశారు. కుక్కకు విషం పెట్టారు. ముగ్గురే తొమ్మిది రోజులు కోసి తొట్టి నింపారు.

పులియడం మొదలైన నాలుగవ రోజు మిట్టమధ్యాహ్నం ఎమిల్ మరో నలుగురితో, బండరాళ్లు పగలగొట్టే సుత్తులతో వచ్చాడు. చెంప మీది కోత ఇంకా ఎర్రగానే ఉంది. దారిలో నిలిచిన ఫుల్‌క్రాన్‌ను ఇద్దరు గోడకు అదిమి పట్టారు. కొట్టం లోపల, తొట్టి అంచు మీద, ఒదెత్ అడవిపందుల తుపాకీ ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఇదిగో అన్నయ్యా, తుపాకీ నాన్నది," అంది. "గుళ్లు మాత్రం నేను కొన్నవి."

"నీకు అంత ధైర్యం లేదే పిచ్చిదానా, దిగు," అని అతడు సుత్తి ఎత్తాడు. మొదటి దెబ్బకు తొట్టి మూల పగిలి ఎర్రటి రసం చిమ్మింది. రెండవ దెబ్బకు ఎత్తిన చేయి దిగకముందే ఆమె కాల్చింది. గుళ్లన్నీ తొడలో దిగాయి. ఎమిల్ తన నెత్తుటిలో, వారి రసంలో కలగలిసి కూలబడి, చెల్లెలి పేరు పెట్టి ఒకసారి పిలిచాడు. ఆమె తుపాకీలో మరో గుండు వేసుకుంది. నలుగురూ అతడిని మోసుకుపోయారు. ఫాబియెన్ గుడ్డపేలికలకు కొవ్వు పట్టించి పగులులో కుక్కుతుంటే, ఫుల్‌క్రాన్ వీపును తొట్టి మూలకు ఆనించి సాయంత్రం వరకు అలాగే నిలబడ్డాడు. రసం సగానికి తక్కువ కాకుండా దక్కింది.

వేటలో కాలు జారి తన తుపాకీ తనకే పేలిందని ఎమిల్ ఆసుపత్రిలో చెప్పాడు. పోలీసుల ముందు గ్రామస్థులెవరూ అందుకు భిన్నంగా సాక్ష్యం పలకలేదు. అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు మాత్రం అంతటితో సరి.

పులియడం మొదలైన పదకొండవ రోజున తొక్కల నుంచి రసాన్ని వేరు చేయాలా, ఆగాలా అన్న ప్రశ్న వచ్చింది. ఆ గడియ తప్పితే ఏడాది కష్టం చేదెక్కుతుంది, లేదా నీళ్లోడుతుంది. ఫుల్‌క్రాన్ ఒక గుక్క తీసుకున్నాడు. నాలుక మీద గరుకు, గొంతులో వేడి. అంతకుమించి ఆయనకు ఏమీ అందలేదు. ఇంకా నాలుగు రోజులు ఉంచుదామన్నాడు.

"ఈరోజే తియ్యాలి నాన్నా," అంది ఫాబియెన్.

"నాకు పలచగానే ఉంది."

"నీకు తెలియట్లేదు నాన్నా."

ముప్పై ఏళ్లలో ద్రాక్ష విషయమై ఆయనతో ఆ మాట అన్నవారు లేరు. ఆయన మెడ నరాలు ఉబ్బాయి. చేతికి అందిన పలుగును గోడకేసి విసిరితే పెచ్చులు రాలి ఒదెత్ కాళ్ల మీద పడ్డాయి. తల్లీకూతుళ్లలో ఎవరూ వెనక్కి తగ్గలేదు. చివరకు ఆయన తొట్టి ముందు నేల మీద చతికిలబడి, కుళాయిని తానే తిప్పాడు. సిరా నల్లగా, వెచ్చగా ఆయన చేతుల మీదుగా బానలోకి దూకింది.

"ఎలా ఉంది, చెప్పు," అన్నాడు కళ్లు మూసుకుని. చదవడం రానివాడు తనకు వచ్చిన ఉత్తరాన్ని మరొకరి చేత చదివించుకుని వింటున్నట్టు తల వంచాడు.

ఫాబియెన్ బాన మీదికి వంగింది.

"పొద కాలి ఆరిపోయిన వాసన, నాన్నా."

"తరవాత?"

"ఇంకా వస్తోంది. ఆగు."