నేను పారేసిన సన్న చక్రాలు

మొన్న ఆదివారం పొద్దున మా మనవరాలు వాకిట్లో తన కొత్త బండి ఆపి, కాఫీ అయినా తాగకుండా నా మంచం పక్కన చతికిలబడి, ఫోనులో చక్రాల బొమ్మలు ఒకటొకటిగా చూపించడం మొదలుపెట్టింది. ఆ పిల్లకు కుందుర్పి పక్క కొండల మీద గాలిమరలు చూసుకునే ఉద్యోగం. రాళ్ళలో, ఇసుకలో, వానొస్తే బురదలో రోజూ తిరగాలి కాబట్టి, కంపెనీవాళ్ళు ఇచ్చిన చక్రాలు తీసేసి, ఇంతేసి వెడల్పు టైర్లు, బయటికి పొడుచుకొచ్చే రిమ్ములు వేయించుకోవాలని దాని ఆశ. "తాతా, ఆఫ్‌సెట్ మైనస్‌లో తీసుకుందామనుకుంటాండా, నువ్వేమంటావు?" అని అడిగింది. నా వయసువాళ్ళకు ఆ మాట కొత్తగా ఉండవచ్చు గానీ, సంగతి కొత్తది కాదు. చక్రాన్ని బండికి బిగించే పలక రిమ్ము వెడల్పుకు నట్టనడుమ ఉందా, బయటివైపు జరిగి ఉందా, లోపలివైపు జరిగి ఉందా అన్నదే ఆఫ్‌సెట్. పలక లోపలికి జరిగితే, అదే మైనస్, చక్రం బయటికి వస్తుంది, బండి కాళ్ళు చాపుకుని నిలబడినట్టు కనిపిస్తుంది. అంతే.

వెంటనే నేను మీసం దువ్వుకుని, ఈ జిల్లాలో జీపు చక్రాలు తిరగేసి బిగించిన మొదటి మగాణ్ణి నేనేననీ, ఆ చక్రాలతోనే ఒక కరువు ఏడాది మా ఊరికంతటికీ విత్తనం మోసి ఊరిని నిలబెట్టాననీ చెప్పాను. నలభై ఏళ్ళుగా చెబుతున్న కథే, నోరు దానంతటదే తిరుగుతుంది. మనవరాలు మాత్రం అందరిలాగా తలూపలేదు. తిరగేస్తే నట్లు ఎట్లా ఆగాయి తాతా, అని ఒక్క ప్రశ్న వేసింది. ఇంజనీరు చదివిన పిల్లతో ఇదే కష్టం. దానికి ఏదో సర్దిచెప్పి పంపాను గానీ, ఆ ప్రశ్న అప్పటి నుంచీ చెప్పులో రాయిలాగా గుచ్చుతూనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. మీలో ఆ కథ నా నోట విన్నవాళ్ళు ఉంటే, కొంచెం ఓపిక పట్టండి.

మా నాయన ఎద్దులబండ్ల చక్రాలు చేసేవాడు. కంబదూరు చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన చక్రం తిరగని దారి లేదని నేను అంటుంటాను. నిజానికి ఏడెనిమిది ఊళ్ళు. తుమ్మకర్ర చెక్కి, చక్రం నడుమ నుంచి అంచుకు పోయే ఆకులు దిగగొట్టి, ఎర్రగా కాల్చిన ఇనుప కమ్మిని చుట్టూ తొడిగి నీళ్ళు పోస్తే చుయ్యిమని లేచే ఆ పొగలోనే నేను పెరిగాను. కొత్త బండికి ఇరుసు కోసే ముందు ఆయన కొలకర్ర తీసుకుని దారిలోకి పోయేవాడు. ఏళ్ళ తరబడి చక్రాలు నడిచి నడిచి కోసిన రెండు గాడుల నడుమ ఎంత దూరముందో కొలుచుకుని వచ్చి, ఇరుసును ఆ కొలతకు కోసేవాడు. బండి కొన్నవాడు ఎంత పెద్దరైతు అయినా సరే, నాకు వెడల్పు బండి కావాలంటే ఒప్పుకునేవాడు కాదు. నాకు అదంతా మొండితనంగా కనిపించేది. ఆ మొండితనం నాకూ వచ్చింది, కాకపోతే వేరే వైపుకు వచ్చింది.

వడ్రంగం చేయనని ఎదురు తిరిగి నేను జీపు పట్టుకున్నాను. వేలంలో వచ్చిన పాత జీపు అది. సన్నటి టైర్లు, ఆడపిల్ల మణికట్టు గాజులంత ఉండేవి. సరే, అంత సన్నం కాదు, మీకు తెలుసు. ఆ సన్న టైర్లతో మా ఊరి బండిదారిలో దిగితే, చక్రాలు రెండూ గాడుల్లోకి తమంతట తామే సర్దుకునేవి, స్టీరింగు వదిలేసి బీడీ ముట్టించుకోవచ్చు. అయినా నాకు సిగ్గుగా ఉండేది. గార్లదిన్నె పక్క ఒక పెద్దరైతు ట్రాక్టరు వెనక చక్రాలు తిరగేసి బయటికి వచ్చేటట్లు బిగించుకున్నాడని చూసి, నాకు మతి పోయింది. సాలుకు సాలుకు నడుమ దూరానికి సరిపడాలని ఆయన అట్లా చేసుకున్నాడు. ఆ కారణం నేను అడగలేదు. ఆ ఠీవి ఒక్కటే చూశాను.

ఎక్కడో పాడైన పెద్ద బండివి నాలుగు వెడల్పు చక్రాలు, రిమ్ములతో సహా దొరికాయి. బిగించి చూస్తే లోపలివైపు కమానుపట్టీలకు రాసుకుంటున్నాయి. అయితే తిరగేద్దామని కల్యాణదుర్గంలో జీపులు బాగుచేసే మేస్త్రి దగ్గరికి పోయాను. ఆయన్ను అందరం భాయ్ అనేవాళ్ళం. ఆయన చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, నట్టు రంధ్రాల చుట్టూ వేలు తిప్పి, నా వైపు చూడకుండానే చెప్పాడు. "ఏమప్పా, నట్టు కూర్చునే గుంట ఈపక్క ఉండాది, ఆపక్క లేదు. తిరగేస్తే నట్టు నిలబడతాది గానీ కూర్చోదు. నిలబడినోడు ఎంతసేపుంటాడు?" నేను బిగించనంటే బిగించనని చేతులు తుడుచుకున్నాడు. నేను చక్రాలు ఎత్తుకొచ్చి మా ఇంటి ముందర, మా నాయన చూస్తుండగానే, నా చేత్తో తిరగేసి బిగించాను. గాలి పట్టే మొన లోపలికి పోయిందని, గాలి కొట్టాలంటే జీపు కింద పాముకుంటూ దూరాలని ఆ మర్నాడు తెలిసింది. అదీ ఎవరికీ చెప్పలేదు. జీపు కింద పడుకున్నప్పుడు ఎవరైనా పలకరిస్తే ఇంజను చూస్తున్నానని చెప్పేవాణ్ణి. బోరునీళ్ళకు పోతూ మా పెద్దమ్మ ఒకామె ఆగి, "ఏమిరా, కప్ప కాళ్ళు చాపినట్లుండాదే నీ బండి" అనింది. నాకు అది పొగడ్తలాగే వినిపించింది.

తీసేసిన సన్న చక్రాలను మా నాయన అడిగాడు. తుక్కు ఎందుకు నాయనా అంటూనే రెండు ఆయన కొట్టంలో పడేశాను, మిగిలిన రెండూ తుక్కువాడికి వేశాను. ఆయన ఎక్కడి నుంచో పాత జీపు ఇరుసు తెచ్చి, గాడుల కొలతకు కోసి అతికించి, ఆ రెండు చక్రాలతో ఒక టైరుబండి తయారుచేసుకున్నాడు. నేను దాన్ని చూసి నవ్విన నవ్వు, ఇప్పుడు గుర్తొస్తే నాకే చెవులు ఎర్రబడతాయి.

ఆ ఏడాది ముంగారు వాన, అదే తొలకరి, రాలేదు. ఆషాఢం దాటినా రాలేదు. మబ్బులు వచ్చి కర్నాటక పక్కకు పోయేవి. ఇక ఆశ లేదనుకున్న నాలుగు నాళ్ళకు ఒక సాయంకాలం వాన దంచి కొట్టింది. మీకు తెలుసు, మన ఎర్రనేలలో పదును, అంటే విత్తడానికి సరిపడే తడి, మూడు దినాలకు మించి ఆగదు. ఆ మూడు దినాల్లో వేరుశనగ విత్తనం భూమిలో పడాలి, లేదా ఆ ఏడాది అంతే. విత్తనం మూటలు కంబదూరులో ఉన్నాయి. ఎద్దులు ఎక్కువ భాగం మేత లేక సంతకు పోయాయి, మిగిలినవి పొలంలో విత్తడానికి కట్టే గుంటకకూ గొర్రుకూ చాలవు, బండి కట్టేవాడు లేడు. మా నాయన తన టైరుబండి కడతానన్నాడు. నేను ఊరందరి ముందర అడ్డం తగిలి, నీ బండి పోయి వచ్చేలోపల పదును ఆరిపోతుంది నాయనా, నా జీపు మధ్యాహ్నానికల్లా తెచ్చి పడేస్తుందని మాట ఇచ్చాను. జనం నా చక్రాల వెడల్పు చూసి నమ్మారు. మా నాయన తన ఎద్దుల్ని ఇంకొకరి గుంటకకు ఇచ్చేశాడు.

మొదటి విడతలో ఇరవై మూటలు ఎత్తానని ఇన్నేళ్ళూ చెప్పాను. పది. తారు ఉన్నంతవరకు బండి ఏనుగులాగా పోయింది. స్టీరింగు కొంచెం వణికింది, రోడ్డు బాగాలేదనుకున్నాను. మా ఊరి దారిలోకి దిగగానే అసలు సంగతి మొదలైంది. వానకు గాడులు మెత్తబడి ఇంకా లోతయ్యాయి. నా చక్రాలు రెండూ ఒకేసారి గాడుల్లో పట్టవు. ఎడమవి దిగితే కుడివి గట్టు మీద ఎక్కి, బండి ఒక పక్కకు ఒరిగి, దిగిన చక్రం వెడల్పుకు గాడిలో మేకులాగా బిగుసుకునేది. రివర్సు, ముందుకు, మళ్ళీ రివర్సు. నట్లు నిలబడినవి నిలబడినట్టే ఒకటొకటి జారిపోయాయని తర్వాత చూసుకున్నాను. దారికి అడ్డంపడే వంక, ఆ చిన్న వాగు, ఇంకా రెండు పొలాల దూరముండగా ముందు ఎడమ చక్రం ఊడి, నన్ను దాటుకుని, ఎంతో నిదానంగా దొర్లుకుంటూ పోయి కలబంద పొదలో పడుకుంది. ఆ వంకను మూడు చక్రాల మీద దాటానని నా కథలో ఉంటుంది. ఆ వంక నీళ్ళు కూడా నాకు కనబడలేదు.

గొర్రెలు తోలుకుపోతున్న ఒకాయన నన్నూ, జీపునూ, పొదలోని చక్రాన్నీ చూసి, ఊరివైపు అడుగు వేగం పెంచాడు. ఎండ కాస్తోంది. ఎండ కాయడమంటే పదును ఆరడమే. రెండో దినం అప్పటికే సగం గడిచింది. పది మూటల మీద నేను ఒక్కణ్ణే కూర్చుని, ఆ ఏడాది ఊరు గడ్డి కూడా లేకుండా పోతే అది నా వల్లనే అని మొదటిసారి అనుకున్నాను. ఈ ముక్క నా కథలో ఎప్పుడూ లేదు.

ఆ గొర్రెలాయన చెప్పిన కబురు విని మా నాయన టైరుబండి తోలుకుని వచ్చాడు. ఎవరి గుంటక నుంచి ఎద్దుల్ని విప్పుకొచ్చాడో, ఏం బతిమాలుకున్నాడో తెలియదు. నేను బానెట్టు ఎత్తి ఇంజను చూస్తున్నట్టు నటించాను. చక్రం ఊడిన బండికి ఇంజను చూడటమేమిటో. ఆయన నా వైపు రాలేదు. వంగి గాడిలో అరచెయ్యి పెట్టి లోతు చూశాడు. మూటలు ఒక్కొక్కటే తన భుజం మీదే దించుకుని బండిలో వేసుకున్నాడు, నేను సాయం పట్టబోతే వద్దనలేదు. అన్నీ అయ్యాక పగ్గాలు పట్టుకుని, మెల్లగా అన్నాడు. "చక్రం నువ్వు కొంటివి. దారి నువ్వు కొనలేదు కదరా."

నేను పారేసిన ఆ రెండు సన్న చక్రాలు గాడుల్లో కూర్చుని, చప్పుడు కూడా లేకుండా పోయాయి. ఆ బండి ఆ సాయంత్రమూ, మర్నాడు పొద్దునా కలిపి మూడు తడవలు తిరిగింది. మూడో దినం పొద్దు వాలే లోపల ఆఖరి సాలు పడింది. ఊరికి విత్తనం తెచ్చింది నా జీపు కాదు, మా నాయన టైరుబండి. కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు, ఇంట్లోవాళ్ళకు గానీ, నా కథ విని నన్ను పొగిడిన స్నేహితులకు గానీ ఇప్పటిదాకా చెప్పలేదు, ఇదే మొదటిసారి.

తప్పు తెలిసిందని అప్పుడే మారిపోయానేమో అనుకునేరు. లేదు. ఆ చక్రాలను మళ్ళీ తిరగేసే బిగించి, నట్లు రోజూ ముట్టి చూసుకుంటూ, ఇంకో నెల తిప్పాను. భాయ్ ఎదుట ఓడిపోవడం నాకు ఇష్టం లేదు. ఆఖరుకు పోయి సన్న చక్రాలు వెయ్యమని అడిగితే, ఆయన నవ్వలేదు. అది నాకు ఇంకా బాధగా అనిపించింది. నా పాతవి నాకివ్వమని నాయనను అడిగితే, బండికి కట్టినవి విప్పను, వేరేవి కొనుక్కోమన్నాడు. ఆ టైర్లు పూర్తిగా అరిగిపోయేదాకా ఆయన విప్పలేదు.

ఇక్కడిదాకా రాశాక మనవరాలికి ఫోను చేసి అంతా చెప్పాను. అంతా విని, కంపెనీ ఆఫ్‌సెట్ మీదే ఉంచి, వేలెడు వెడల్పు ఎక్కువ టైరు తీసుకోమని, మెత్తటి ఇసుకలో గాలి తగ్గించుకొమ్మని సలహా ఇస్తే, సరే తాతా అని, మైనస్‌వే ఆర్డరు పెట్టింది. దాని రిమ్ములు తిరగేసినవి కావు, దాని నట్లు కూర్చుంటాయి, పైగా గాలిమరల రెక్కలు మోసుకుపోయే పెద్ద లారీల కోసం కొండ మీదికి గీచిన దారికి గాడులు లేవు, కొలత లేదు. ఎవరి చక్రమైనా పడుతుంది. నాకు కోపం రాలేదు. నా రక్తమే కదా. ఒకటే లోటు తోచింది. ఆ దారికి కొలకర్ర పట్టుకుని పోయేవాడు లేడు, ఇరుక్కుంటే ముఖం చూసి ఊరివైపు అడుగు వేగం పెంచేవాడు లేడు. ఫోను ఉంది, సిగ్నలు కొండ ఈవైపే ఉంది.

మా కొడుకు నా జీపును తుక్కుకు వేసేద్దామని ఏడాదిగా పోరుతున్నాడు. వేయను. దానికి ఇవాళ్టికీ సన్న చక్రాలే. శుక్రవారం శుక్రవారం గాలి చూస్తాను, మొన బయటికే ఉంది, వంగితే చాలు. వెనక సీటు కింద మోకు ఉంది. కొండ మీది నుంచి ఎవరైనా వచ్చి మీ మనవరాలు ఇరుక్కుందని చెబితే, ఆ క్షణమే బయలుదేరతాను. ఆ క్షణమే అంటే, అది స్టార్టు కావాలంటే వెనక ఇద్దరు తొయ్యాలి. ఆ ఇద్దరూ ఈ ఊళ్ళో ఇంకా ఉన్నారా అని, నిన్న వాకిట్లో నిలబడి వీధి ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాను.