ఇంజను పెట్టె మీద కూర్చోబెట్టిన అక్క

మాధవరం రేవు పడవకు పాత కారు పెట్రోలు ఇంజను బిగించింది నేనే. ఆదోనిలో నాకు మెకానిక్ షెడ్డు ఉంది. ఏటికి అవతలి ఊళ్లో అక్కను ఇచ్చాం కాబట్టి ఆ పని ఒప్పుకున్నాను. ఇంజను చుట్టూ చెక్కపెట్టె కట్టించి, పడవాయనకు మూడు మాటలు చెప్పాను. కార్బురేటర్ మూతికున్న ఇత్తడి జల్లెడ తీయకూడదు, ఇంజను ఎదురు కొట్టి మంట కార్బురేటర్‌లోంచి బయటికి తన్నినప్పుడు దాన్ని ఆపేది అదే. మంటలార్పే సిలిండర్ చేతికందే చోట ఉండాలి. తాళం తిప్పే ముందు పెట్టె మూత ఎత్తి, లోపల చేరిన పెట్రోలు ఆవిరి పోయేదాకా ఆగాలి.

మూడింటికీ తలూపాడు. నెల తిరక్కుండానే, ఇంజనుకు గాలి ఆడడం లేదని జల్లెడ పీకేశాడు. దొంగలెత్తుకుపోతారని సిలిండర్‌ను ఒడ్డున టికెట్ల గదిలో పెట్టి తాళం వేశాడు. ఇక ఆ మూత. పడవలో తడి తగలని చోటు అదొక్కటే. పెద్దవాళ్లు ఎక్కగానే గౌరవంగా దాని మీదే కూర్చోబెట్టేవాళ్లు. కూర్చున్న పెద్దమనిషిని లేవమనేది ఎవరు?

నేనే అన్నాను. ఒకరోజు అక్కతో కలిసి పడవెక్కితే, పెట్టె మీద కూర్చున్నది అక్క మామ. మూత ఎత్తాలి, కాసేపు లేవమని మర్యాదగానే అడిగాను. ఆయన కదల్లేదు.

"పెద్దోళ్లను లేపేదేనాప్పా, మీ ఆదోనిలో నేర్పిచ్చేది?" అన్నాడు.

"అన్నకు పెట్రోలు వాసన పడదులేప్పా. షెడ్డులో అత్తరు పోసి బండ్లు నడుపుతాడు," అని పడవాయన అందుకున్నాడు.

పడవంతా నవ్వింది. నా పక్కనున్న అక్క కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అది కూడా నేను మర్చిపోలేదు. దిగిపోయాను. ఆ తర్వాత అక్క ఊరికి పోవాలంటే చుట్టుతిరిగి బ్రిడ్జి మీదే పోయాను.

పోయిన దసరా ముందు అక్క ఫోన్ చేసింది. మోకాళ్లు పట్టేశాయి, ఆదోనిలో డాక్టరుకు చూపించుకోవాలి, ఒంటరిగా రాలేను, పడవలో తోడుండి పిల్చుకొనిపో అంది. ఆ రేవులో కాలు పెట్టనన్నాను. ఆటోలో బ్రిడ్జి మీదుగా రమ్మంటే, అంత దూరం కుదుపులకు ఓర్చుకోలేనంది. నీ ఇష్టమని పెట్టేశాను.

చివరికి ఒంటరిగానే కుంటుతూ ఎక్కిన అక్కను పెట్టె మీద కూర్చోబెట్టారు. పడవాయన తాళం తిప్పాడు. మూత మంటతో పాటు పైకి లేచింది. అందరూ నీళ్లలోకి దూకారు, అక్క దూకలేకపోయింది. గది తాళం పగలగొట్టి సిలిండర్ తెచ్చేలోపు కాళ్లు కాలిపోయిన ఆమెను ఎవరో ఏట్లోకి లాగారు.

ఆమె కర్నూలు ఆసుపత్రిలో ఉండగానే, జల్లెడ, సిలిండర్, మూత సంగతి విచారించమని పడవలకు అనుమతిచ్చే ఆఫీసుకు అర్జీ పెట్టాను. పడవలో లైఫ్ జాకెట్లు సరిపడా ఉన్నాయని జవాబొచ్చింది. నేనడిగింది జాకెట్ల గురించి కాదని మళ్లీ రాశాను. ఇప్పటికీ రాస్తూనే ఉన్నాను.

కాళ్లకు కట్లు మార్చేటప్పుడు అక్క అరవదు. ఒకరోజు మాత్రం అడిగింది.

"నువ్వొచ్చింటే నన్ను లేపుతాంటివి కదరా?"

"లేపుతాంటినక్కా," అన్నాను.

 ఎందుకు రాలేదో ఆమెకు తెలుసు.